యూకేలో కోర్స్ రెప్‌గా ఎన్నికయ్యాను, అసలు నా పని ఏంటి?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో ఎంఎస్సీ డేటా సైన్స్ చేస్తున్నా, జనవరి ఇన్‌టేక్. మా బ్యాచ్‌కి కోర్స్ రెప్ (క్లాసు తరఫున మాట్లాడే విద్యార్థి ప్రతినిధి) ఎన్నిక పెడితే ఎవరూ నామినేషన్ వేయలేదు, చివరి రోజు ఫ్రెండ్స్ పోరు పడలేక నేను వేశాను, ఇంకెవరూ లేరు కాబట్టి ఏకగ్రీవం. మన దగ్గర సర్పంచ్ ఏకగ్రీవమైతే పంచాయతీకి ప్రభుత్వం డబ్బులైనా ఇస్తుంది, నాకు ఒక హుడీ ఇస్తామన్నారు, అదీ ఇంకా రాలేదు.

అసలు సంగతేంటంటే ఆ రోజు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఒకళ్లు డెడ్‌లైన్ పొడిగించమని అడగమంటారు, ఒకళ్లు ఫలానా మాడ్యూల్ (సబ్జెక్ట్) లెక్చరర్‌ని మార్పించమంటారు, ఇంకొకళ్లు రాత్రి పదకొండింటికి "రేపు ల్యాబ్ ఏ రూమ్‌లో అక్కా" అని మెసేజ్ పెడతారు. బీటెక్‌లో మా సీఆర్‌ని హెచ్‌ఓడీ గారే పిలిచి నువ్వే అన్నారు, వాడి పనల్లా ఫీజు గడువు గ్రూపులో పెట్టడం, జిరాక్సులు తేవడం, మాస్ బంక్ కొట్టిన రోజు అందరి తరఫునా తిట్లు తినడం. ఇక్కడా అదేనా? వచ్చే బుధవారం స్టాఫ్-స్టూడెంట్ మీటింగ్ ఉందని మెయిల్ వచ్చింది. ఏం మాట్లాడాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

పాత రెప్ (మిడ్‌లాండ్స్‌లో చదివాను):
కంగ్రాట్స్ చెల్లీ. ముందు ఆ రూమ్ నంబర్ల పని వదిలేయ్. టైమ్‌టేబుల్ యాప్ అందరి ఫోన్లలోనూ ఉంటుంది, నువ్వు ఒక్కసారి జవాబు చెప్పావంటే డిసర్టేషన్ ఇచ్చేదాకా నిన్నే అడుగుతారు. రెప్ పని ఒకటే, క్లాసులో చాలామందికి ఉన్న ఇబ్బందిని దాన్ని సరిచేయగల మనిషి దగ్గరికి తీసుకెళ్లడం, వాళ్లు ఏమన్నారో తిరిగి క్లాసుకి చెప్పడం. ఈ రెండో సగమే చాలామంది రెప్‌లు మర్చిపోతారు, అందుకే "రెప్ ఏం చేసింది" అనే మాట వస్తుంది.

మా బ్యాచ్‌లో జరిగింది చెప్తాను. మూడు మాడ్యూళ్ల కోర్స్‌వర్క్ ఒకే వారంలో పడింది, సోమవారం ఒకటి, గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి. గ్రూపులో అందరూ ఒకటే గోల, "చచ్చిపోతున్నాం, పొడిగించమను" అని. అలా వెళ్లి అడిగితే "ముందే మొదలుపెట్టాల్సింది కదా" అంటారు, అనే హక్కు వాళ్లకి ఉంది కూడా. నేను ఒక షీట్ తయారుచేశాను. మాడ్యూల్ పేరు, ఆ కోర్స్‌వర్క్‌కి మార్కుల్లో ఎంత వాటా, గడువు తేదీ, ప్రశ్నపత్రం మాకు ఇచ్చిన తేదీ. నాలుగే కాలమ్‌లు. ఆ చివరి కాలమ్‌లో బయటపడింది అసలు విషయం: హ్యాండ్‌బుక్‌లో ప్రశ్నపత్రం నాలుగు వారాల ముందు ఇస్తామని రాసుంది, శుక్రవారం కోర్స్‌వర్క్‌ది మాత్రం రెండు వారాల ముందే ఇచ్చారు. హ్యాండ్‌బుక్ పేజీ నంబర్ రాసి కోర్సు మొత్తం చూసే ప్రోగ్రామ్ లీడర్‌కి మెయిల్ పెడితే ఆ ఒక్కదాని గడువు వారం జరిపారు. మిగతా రెండూ జరపలేదు. క్లాసుకి అదే చెప్పాను, ఒకటి జరిగింది, రెండు జరగవు, కారణం ఇదీ అని.

కాబట్టి మీటింగ్‌కి ముందు నీ కోర్సు హ్యాండ్‌బుక్ తెరిచి చదువు. నిజంగా ఎవరూ చదవరు. మార్కులు, ఫీడ్‌బ్యాక్ ఎన్ని వారాల్లో ఇస్తారు, ఆలస్యమైతే ఎంత కోత, ఎక్స్‌టెన్షన్‌కి ఎవరికి దరఖాస్తు పెట్టాలి, అన్నీ అందులోనే ఉంటాయి. "మాకు కష్టంగా ఉంది" కంటే "మీరే రాసుకున్నది ఇది, జరిగింది ఇది" అనే మాటకి బలం ఎక్కువ.

కొత్తగా వచ్చినవాడు:
అక్కా అన్నిటికంటే ముందు అటెండెన్స్ క్యూఆర్ కోడ్ ఫొటో తీసి గ్రూపులో పెట్టు, అది చాలు 😀

పాత రెప్:
జోక్‌గా అన్నావేమో గానీ ఇది ఎవరైనా సీరియస్‌గా తీసుకుంటారు కాబట్టి చెప్తున్నా. రెప్ ఆ పని అస్సలు చేయకూడదు. మన కాలేజీలో ప్రాక్సీ దొరికితే ఆ రోజు అటెండెన్స్ పోయేది, తక్కువైతే కండోనేషన్ ఫీజు కట్టి బయటపడేవాళ్లం. ఇక్కడ యూనివర్సిటీయే మన వీసా స్పాన్సర్. హాజరు లేని విద్యార్థి విషయం వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్‌కి చెప్పాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంది, స్పాన్సర్‌షిప్ ఆపేస్తే వీసా పోతుంది. ఆ కోడ్ నీ ఫోన్ నుంచి వెళ్లిందని తేలితే నువ్వూ ఇరుక్కుంటావ్.

పీహెచ్‌డీ చేస్తూ ట్యుటోరియల్స్ చెప్పేవాడు:
నేను ఆ మీటింగ్‌లో బల్లకి అవతలి వైపు కూర్చుంటాను కాబట్టి అటునుంచి ఎలా వినబడుతుందో చెప్తాను. "అందరూ అంటున్నారు" అన్న మాట వినగానే లెక్చరర్ల మనసులో వచ్చే మొదటి ప్రశ్న, అందరూ అంటే ఎంతమంది? మీ నలుగురు రూమ్మేట్లా? కాబట్టి చిన్న ఫామ్ ఒకటి పెట్టండి, మూడు ప్రశ్నలకి మించకుండా: ఏం బాగుంది, ఏం బాలేదు, ఏం మారితే మేలు. పేర్లు అడగొద్దు. ఎంతమంది ఉన్న క్లాసులో ఎంతమంది నింపారో మీటింగ్‌లో చెప్పండి, తక్కువమంది నింపినా ఆ సంఖ్యే చెప్పండి.

"ఏం బాగుంది" అన్నది మర్యాద కోసం పెట్టింది కాదు. కొత్త లెక్చరర్ ఒకరు ప్రతి ల్యాబ్ తర్వాత జవాబులు అప్‌లోడ్ చేస్తుంటే, అది పిల్లలకి పనికొస్తుందని ఎవరూ చెప్పకపోతే వచ్చే ఏడాది మానేస్తారు.

ఇంకొకటి. ఏది అడిగితే తొందరగా అవుతుంది, ఏది ఆలస్యమవుతుంది అన్న తేడా తెలుసుకోండి. స్లైడ్లు క్లాసుకి ముందు రోజు పెట్టడం, రికార్డింగ్, కోర్స్‌వర్క్ ప్రశ్నలో అర్థం కాని వాక్యం వివరించడం, ఒక అదనపు డౌట్స్ సెషన్, ఇవి లెక్చరర్ చేతిలో పని, వారంలో అయిపోతాయి. పరీక్ష తీసేసి ప్రాజెక్ట్ పెట్టమనడం, మాడ్యూల్‌లో పాఠాలు మార్చమనడం, వీటికి యూనివర్సిటీ లోపల ఆమోదాలు కావాలి, చదువు మధ్యలో ఉన్న బ్యాచ్‌కి నియమాలు మార్చడం దాదాపు కుదరదు. అడగొద్దని కాదు, కానీ అది మీ తర్వాతి బ్యాచ్‌కి ఉపయోగపడుతుంది, మీకు కాదు. మీ ఎంఎస్సీ ఏడాదే కదా.

లెక్చరర్ని మార్పించడం మాట అయితే మర్చిపోండి. "ఆయన చెప్పేది అర్థం కావట్లేదు" అన్నది మనిషి మీద ఫిర్యాదు, ఆయన ఎదురుగానే కూర్చుని ఉంటారు, వెంటనే ముఖం మాడుతుంది. దాన్నే "రెండో వారంలో పైథాన్ వచ్చని అనుకుని పాఠం మొదలైంది, క్లాసులో చాలామందికి పైథాన్ కొత్త, మొదటి ల్యాబ్‌లో బేసిక్స్ చెప్తే బాగుంటుంది" అని చెప్పండి. ఆయన కూడా ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే ఏం చేయాలో ఇప్పుడు ఆయనకి తెలిసింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. ఫామ్ పెట్టాను, జవాబులు వస్తున్నాయి. ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, మొదటి కోర్స్‌వర్క్ మార్కులు వచ్చాయి, చాలామందికి 58, 62 అలా వచ్చాయి, రీవాల్యుయేషన్ పెట్టించమని గొడవ. రెండు, మా ఫ్రెండ్‌కి అకడమిక్ మిస్‌కండక్ట్ (కాపీ లాంటి తప్పు చేసిందన్న ఆరోపణ) అని లెటర్ వచ్చింది, నన్ను డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడమని ఏడుస్తోంది.

పాత రెప్:
మార్కుల సంగతి నువ్వు గ్రూపులో ఒక్క మెసేజ్‌తో చల్లార్చొచ్చు. ఇంగ్లండ్‌లో మాస్టర్స్‌కి మామూలుగా 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. బీటెక్‌లో 85 చూసిన కళ్లకి 62 అవమానంలా కనిపిస్తుంది, కానీ అది మెరిట్. డబ్బు కట్టి పేపర్ మళ్లీ దిద్దించుకునే పద్ధతి ఇక్కడ లేదు. దిద్దినవాళ్ల అకడమిక్ తీర్పు నాకు నచ్చలేదు అన్నది అప్పీల్‌కి కారణంగా తీసుకోరు. కూడికలో తప్పు, నియమం పాటించకపోవడం, నీ అనారోగ్యం పరిగణించకపోవడం, ఇలాంటివైతే వేరు. రెప్‌గా నువ్వు అడగగలిగింది, అడగాల్సింది ఫీడ్‌బ్యాక్ గురించి: "58 ఎందుకు, 65 రావాలంటే ఏం రాయాలి" అన్నది మా ఫీడ్‌బ్యాక్‌లో కనబడట్లేదు, తర్వాతి కోర్స్‌వర్క్‌కి ముందు ఒక అరగంట సెషన్ పెట్టండి అని.

ఫ్రెండ్ విషయంలో మాత్రం చెయ్యి పెట్టకు. ప్రేమ లేక కాదు. అది ఒక మనిషి కేసు, రెప్ మాట్లాడాల్సింది క్లాసు సంగతి. పైగా నువ్వు మాట్లాడితే ఆమె విషయం పదిమందికి తెలుస్తుంది. ఆమెని ఈ రోజే స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌కి పంపు. వాళ్లు యూనివర్సిటీ నుంచి వేరుగా పనిచేస్తారు, డబ్బు తీసుకోరు, లెటర్ చదివి జవాబు రాయడంలో సాయం చేస్తారు, చాలాచోట్ల ఆ విచారణకి తోడుగా కూడా వస్తారు. లెటర్‌లో జవాబుకి గడువు ఉంటుంది, ఏడుస్తూ కూర్చుంటే అది దాటిపోతుంది. అప్పీళ్లన్నీ లోపల అయిపోయాక యూనివర్సిటీ ఒక కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ లెటర్ ఇస్తుంది, అది వచ్చిన 12 నెలల్లోపు ఇంగ్లండ్, వేల్స్‌లో చదివే విద్యార్థులు ఓఐఏ అనే బయటి సంస్థకి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అంతదాకా వెళ్లకుండానే ముగియాలని కోరుకుందాం, కానీ ఆ దారి ఉందని తెలియాలి.

గ్లాస్గో నుంచి:
స్కాట్లాండ్‌లో చదివేవాళ్లు చూస్తుంటే, ఇక్కడ ఓఐఏ కాదు, ఎస్‌పీఎస్‌ఓ అనే ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. అలాగే రెప్‌ల శిక్షణ కోసం స్పార్క్స్ అనే సంస్థ 2003 నుంచి ఉంది. ఆ శిక్షణ బోర్ అని ఎగ్గొట్టకండి, సగం సందేహాలు అక్కడే తీరతాయి.

క్లాస్‌మేట్ లాంటివాడు:
ఒక మాట అడగనా, కోపం తెచ్చుకోకండి. మీ క్లాస్ గ్రూప్ ఏ భాషలో ఉంది? మా బ్యాచ్‌లో మన తెలుగువాళ్లే ఎక్కువ, రెప్ కూడా తెలుగే, అన్నీ తెలుగు గ్రూపులో తేలిపోయేవి. నైజీరియా నుంచి వచ్చిన ఇద్దరికి, ఒక చైనా అమ్మాయికి ఏమీ తెలిసేది కాదు. గడువు మారిన సంగతి వాళ్లకి వేరే ఎవరో చెప్పారు. వాళ్లు నేరుగా ప్రోగ్రామ్ లీడర్‌కి మెయిల్ పెట్టారు, "మాకు రెప్ లేరు" అని.

ప్రశ్న అడిగినవారు:
అమ్మో, మాదీ అంతే, తెలుగు గ్రూపే. ఈ రోజే ఇంగ్లిష్‌లో వేరే గ్రూప్ చేస్తాను. నంబర్ ఇవ్వడం ఇష్టం లేనివాళ్లకి?

పీహెచ్‌డీ చేస్తూ ట్యుటోరియల్స్ చెప్పేవాడు:
కోర్సు ఆఫీస్‌ని అడిగితే మీ తరఫున మొత్తం క్లాసుకి మెయిల్ పంపుతారు, మూడ్ల్, బ్లాక్‌బోర్డ్ లాంటి ఆన్‌లైన్ కోర్సు సైట్‌లో అనౌన్స్‌మెంట్ పెడతారు. అందరి మెయిల్ ఐడీల జాబితా మీకు ఇవ్వమని మాత్రం అడగొద్దు, డేటా రక్షణ చట్టం పేరు చెప్పి ఇవ్వరు.

ప్రశ్న అడిగినవారు:
సరే. బుధవారానికి ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి. 1. పైథాన్ బేసిక్స్ సెషన్ కావాలి. 2. ఫీడ్‌బ్యాక్‌లో వివరం కావాలి. 3. లైబ్రరీలో సీట్లు చాలడం లేదు. 4. ల్యాబ్‌లో కంప్యూటర్లు స్లో. 5. మా జనవరి బ్యాచ్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదు. ఇంకొకటి, ఈ రెప్ పని స్టూడెంట్ వీసా మీద వారానికి చేయనిచ్చే పార్ట్‌టైమ్ 20 గంటల్లోకి వస్తుందా?

పాత రెప్:
మొదటి రెండూ బాగున్నాయి. మూడోది డిపార్ట్‌మెంట్ చేతిలో లేదు, అది స్టూడెంట్స్ యూనియన్‌లో ఎడ్యుకేషన్ ఆఫీసర్ ఉంటారు, వాళ్లకి రాయి. నాలుగోది ఏ ల్యాబ్, ఏ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, తెరుచుకోవడానికి ఎంతసేపు, అది రాసి ముందే ఐటీకి పంపేయ్, మీటింగ్ దాకా ఎందుకు. అయిదోదే అన్నిటికంటే ముఖ్యం, అదే అన్నిటికంటే వదులుగా రాశావు. జనవరి వాళ్లకి ఏం తగ్గింది? సెప్టెంబర్ బ్యాచ్‌కి జరిగిన ఇండక్షన్, కెరీర్ ఫెయిర్ మీకు జరిగాయా? మీ డిసర్టేషన్ సూపర్‌వైజర్లు సెలవుల మీద పోయే వేసవిలో మీకు క్లాసులు పడుతున్నాయా? వాటిలో నిజమైనది ఒక్కటి పట్టుకుని దాన్నే మొదటి అంశం చెయ్. ఎజెండా ఇప్పుడే పంపేయ్, మీటింగ్‌లో మొదటిసారి వింటే "కనుక్కుని చెప్తాం" అని వాయిదా వేస్తారు.

జీతం లేని రెప్ పని ఉద్యోగం కాదు. మీ యూనియన్ గంటలకి డబ్బు ఇస్తుంటే మాత్రం అది టర్మ్‌లో వారానికి 20 గంటల్లోకి వస్తుంది. మాస్టర్స్‌కి డిసర్టేషన్ రాసే వేసవి కూడా టర్మ్ కిందే లెక్క, ఇది చాలామందికి తెలీదు. అనుమానం ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీస్‌ని మెయిల్‌లో అడుగు, నోటిమాటతో వద్దు.

మీటింగ్‌లో ప్రతి అంశం చివర "ఇది ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా" అని అడిగి రాసుకో. వాళ్ల మినిట్స్ (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిన కాగితం) రావడానికి వారాలు పడుతుంది, అంతదాకా ఆగకుండా ఆ సాయంత్రమే అయిదు లైన్లలో క్లాసుకి ఇంగ్లిష్‌లో పెట్టేసేయ్. కాదన్నవి కూడా రాయి.