‘మెయింటెనెన్స్’కి ‘నిర్వహణ’ సరిపోతుందా?

ఒక చిన్న ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టులో ముగ్గురం తీరిక దొరికినప్పుడల్లా పని చేస్తుంటాం. వచ్చే ఆరు నెలల మెయింటెనెన్స్ ప్లాను తెలుగులో రాద్దామని కూర్చుని, శీర్షిక దగ్గరే ఆగిపోయాను. ‘నిర్వహణ ప్రణాళిక’ అని పెడితే మాలో ఒకాయన చూసి, “ఏ మీటింగు ఎవరు నడపాలో రాశావా?” అన్నాడు. తప్పు ఆయనది కాదు. సభ నిర్వహించారు, పరీక్షలు నిర్వహించారు అనే చోటల్లా ఆ మాటే కదా.

ప్లానులో ఉన్నవేమో ఇవి: పాత బగ్గు రిపోర్టులు తిరగేసి పనికిరానివి మూసెయ్యడం, మేం ఆధారపడ్డ లైబ్రరీలను (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు) కొత్త వెర్షన్లకు మార్చడం, ఎవరూ ముట్టని బ్రాంచీలు (విడిగా పెట్టుకున్న కోడు పాయలు) తీసెయ్యడం, ఒక రోజు పాసై మర్నాడు ఫెయిలయ్యే టెస్టుల సంగతి తేల్చడం, డాక్యుమెంటేషన్‌లో తెగిన లింకులు చూడటం. వీటన్నిటినీ కలిపి ఏమనాలి? అందులోనే ‘హౌస్‌కీపింగ్’ అని విడిగా పిలిచే చిల్లర పనికి ఏమనాలి?

వ్యాఖ్య 1
మరమ్మతు. ఇంత ఆలోచనెందుకండీ?

అడిగినవారి జవాబు
మరమ్మతు చెడిపోయాక చేసేది కదండీ. సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ మీద ఐఎస్‌ఓ 14764 అని ఒక ప్రమాణం ఉంది. దాని 2006 కూర్పులో నాలుగు రకాలు చెప్పారు: తప్పు దిద్దేది, మారిన పరిసరాలకు తగ్గట్టు మార్చేది, ఉన్నదాన్ని మెరుగుపరిచేది, చెడకముందే జాగ్రత్తపడేది. మరమ్మతు మొదటిదానికే అతుకుతుంది. మా ప్లానులో సగం పైన నాలుగోదే.

వ్యాఖ్య 2
అబ్బాయీ, నీకు తట్టిన అనుమానం సరైనదే. నిర్వహణలో ఉన్న ధాతువు ‘వహ్’, అంటే మోయడం. ముందు ‘నిర్’ చేరేసరికి చివరిదాకా మోసి దించెయ్యడం అయింది. నాటకానికి చెప్పే పంచసంధులు గుర్తున్నాయా? ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ. కథ ముగిసే సంధి పేరే నిర్వహణ! సభకూ పరీక్షకూ ఆ మాట అమరింది అందుకే, వాటికో ముగింపు ఉంటుంది. నువ్వు చెప్పే పనికి ముగింపెక్కడ?

అదే ధాతువు గీతలో తొమ్మిదో అధ్యాయంలో ఇంకోలా కనబడుతుంది: ‘యోగక్షేమం వహామ్యహమ్’. అక్కడ ‘నిర్’ లేదు. ఉత్త మోయడమే, దించడం లేదు. ఉత్తరాల్లో యోగక్షేమాలు అని జంటగా రాసి రాసి రెండూ ఒకటే అనుకుంటున్నాం. శంకరులు విడదీసి చెప్పారు: యోగమంటే లేనిది సంపాదించడం, క్షేమమంటే ఉన్నదాన్ని కాపాడుకోవడం. మీ భాషలో కొత్త ఫీచర్లు యోగం, మెయింటెనెన్స్ క్షేమం. ఇంత కచ్చితమైన జంట ఇంగ్లీషులో ఉందేమో నువ్వే చెప్పాలి.

వ్యాఖ్య 3
మాస్టారూ, అయితే ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో పాత వెర్షన్ పైథాన్ 2కి నిర్వహణ సంధి 2020 జనవరి 1న జరిగింది. ఆ రోజుతో దానికి సహాయం ఆపేశారు. ఇన్నాళ్లూ ‘ఎండ్ ఆఫ్ లైఫ్’కి తెలుగు లేదని బాధపడ్డాను.

వ్యాఖ్య 4
జంట బావుంది గానీ ‘క్షేమ ప్రణాళిక’ అని పెట్టి చూడండి, సంక్షేమ పథకంలా ఉంటుంది. కోడు రాసే పిల్లలు ఆ ఫైలు తెరవరు.

నేను పదేళ్లుగా ఇలాంటి ప్రాజెక్టుల్లో ఉన్నాను. నా అనుభవంలో అన్నిటికీ కలిపి ఒక నామవాచకం వెతకడమే చిక్కు. ప్లాను అంటే ఎవరు, ఎప్పుడు, ఏం చెయ్యాలన్నది. క్రియలు వాడండి. బగ్గు రిపోర్టుల ‘ట్రయాజ్’, అంటే ఏది పట్టించుకోవాలో ఏది అక్కర్లేదో తేల్చడం, ఉంది చూశారూ, దానికి మనకి చెరగడం అన్న మాట ఉంది. చేటలో పోసి ఎగరేస్తే పొట్టు పోతుంది, గింజ మిగులుతుంది, రాయి కంటబడుతుంది. ట్రయాజ్ సరిగ్గా అదే. వివరాలు లేని రిపోర్టు పొట్టు. మళ్లీ చేసి చూపించగలిగిన బగ్గు గింజ. రాయి మాత్రం ఎవరూ తియ్యనిది: ఐదేళ్లుగా తెరిచే ఉంటుంది, చెయ్యలేం అని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. జల్లెడ పట్టడం అనకండి. జల్లెడ తనంతట తానే వేరు చేస్తుంది. చేటకి చెయ్యి తిరగాలి. తొంభై రోజులు ఎవరూ పలకలేదని రిపోర్టును దానంతటదే మూసేసే బాట్లు ఉంటాయే, అవి జల్లెడలు. పొట్టుతోపాటు గింజలూ పోతాయి.

హౌస్‌కీపింగ్‌కి ‘ఊడ్చి సర్దడం’ చాలు. కోడు మార్పుల చరిత్ర దాచే గిట్ అనే సాధనంలో ‘జీసీ’ అనే కమాండు వివరణలో కూడా హౌస్‌కీపింగ్ అన్న మాటే వాడారు. అది చేసేదీ ఆ రెండు పనులే: విడివిడిగా పడున్న వస్తువులను మూటకట్టి సర్దుతుంది, దేనికీ తగలనివాటిని ఊడ్చేస్తుంది. ఊడ్చేది కూడా వెంటనే కాదు, మామూలుగా రెండు వారాలు ఆగి. మనమూ బ్రాంచీలు తీసేముందు రెండు వారాల గడువు చెబితే గొడవలుండవు.

ఇంకోటి. ఇల్లలకగానే పండగ కాదన్నారు కదా, ఈ రెంటినీ ఒకే రోజు పెట్టుకోకూడదని కూడా నేను చెబుతాను. రిలీజుకి ముందు వారం లైబ్రరీలు మార్చొద్దు. ఏదైనా విరిగితే మీ కోడు వల్లో, కొత్త లైబ్రరీ వల్లో తేలదు. రిలీజైన మర్నాడు మొదలెట్టండి, ఒక్కో లైబ్రరీ ఒక్కో మార్పుగా.

అడిగినవారి జవాబు
చెరగడం ఖాయం చేశాను. మరి ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్‌ని ఏమందాం? నిర్వాహకులు అంటే తెలుగు వికీపీడియాలో అడ్మిన్లు.

వ్యాఖ్య 4
లినక్స్ ఆధారంగా డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ల మాటలు చూడండి. ఒక ప్యాకేజీని (అందులోని ఒక సాఫ్ట్‌వేర్‌ని) చూసుకునేవాళ్లు తప్పుకుంటే దాన్ని అనాథ అంటారు, ఇంకొకరు ముందుకొస్తే దత్తత అంటారు. ఆ వరసలో సంరక్షకులు సరిగ్గా కూర్చుంటుంది. ప్లానులో దీనికీ ఒక పేరా ఉండాలి: ఎవరైనా తప్పుకుంటే తాళాలు (కోడు మార్చే అధికారం) ఎవరికి, ఎంతకాలం చూశాక? ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రాజెక్టులో రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి సహ సంరక్షకులైన ఖాతా నుంచే 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి దొంగదారి (బ్యాక్‌డోర్) వచ్చింది. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక డెవలపర్ తవ్వబట్టి 2024 మార్చిలో బయటపడింది. అలసిపోయిన ఒక్క మనిషి మీద అంత బరువు ఉండటమే అసలు లోపం. దత్తత అనే మాట తియ్యగా ఉంది గానీ, విచారణ లేకుండా ఇవ్వకండి.

అడిగినవారి జవాబు
శీర్షిక కుదిరింది: ‘ప్రాజెక్టు బాగోగులు’. కింద నాలుగు భాగాలు: చెరగడం, ఊడ్చి సర్దడం, లైబ్రరీల మార్పు, సంరక్షకుల మార్పు. మాస్టారూ, బాగోగులు ఒప్పుకుంటారా?

వ్యాఖ్య 2
ఒప్పుకోవడమేమిటి, నేను చెప్పినదానికంటే మేలు. అది బాగు, ఓగు కలిసిన మాట. ఓగు అంటే చెడు. వేమన ‘ఓగు నోగు మెచ్చు’ అన్నాడే, ఆ ఓగే. ఇప్పుడు బాగోగుల్లో తప్ప విడిగా వినబడటం లేదు. మంచీ చెడూ రెండూ చూసుకోవడమని ఆ మాటలోనే ఉంది. మీ బగ్గులన్నీ ఓగులే కదా!

వ్యాఖ్య 3
బగ్గు, ఓగు. ప్రాస కూడా కుదిరింది.

అడిగినవారి జవాబు
ఉత్సాహం ఆగక మా దగ్గర ‘బగ్గు’ అన్న లేబుల్ని ‘ఓగు’ అని మార్చేశాను. సాయంత్రానికి దాని కింద మొదటి రిపోర్టు వచ్చింది: “లేబుల్లో అచ్చుతప్పు ఉంది, ‘బగ్గు’ అని దిద్దగలరు.”