జార్జియా ఈయూలో చేరుతుందంటూ ఎంబీబీఎస్ సీట్లు అమ్ముతున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న: కొత్త సభ్యురాలు, తిబ్లిసి

అన్నలకూ అక్కలకూ నమస్కారం. తిబ్లిసిలో మెడిసిన్ మొదటి సంవత్సరంలో చేరాను. "జార్జియా త్వరలో యూరోపియన్ యూనియన్‌లో కలుస్తుంది. నీ చదువు పూర్తయ్యేసరికి అది యూరప్ డిగ్రీ అయిపోతుంది, జర్మనీకి నేరుగా వెళ్లిపోవచ్చు" అని హైదరాబాద్ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇక్కడికొచ్చాక చూస్తే పార్లమెంటు ముందు నిరసనలు. అసలేం జరుగుతోంది? నా డిగ్రీకి, రెసిడెన్స్ కార్డుకి దీనితో సంబంధం ఉందా?

జవాబు: సబుర్తాలో (తిబ్లిసిలో ఒక పేట) నుంచి

చెల్లెమ్మా, ముందు ఒక్క మాట. ఈయూ వైపు జార్జియా ప్రయాణం ఇప్పుడు ఆగిపోయి ఉంది. మీ ఆరేళ్ల లెక్కలోకి దాన్ని తీసుకోవద్దు.

ఎక్కడ ఆగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2003 నవంబరులో ఎన్నికల అక్రమాలపై జనం తిరగబడి అధ్యక్షుడు షెవర్దనాద్జెను గద్దె దింపారు. దాన్నే గులాబీ విప్లవం అంటారు. ఆ తర్వాత వచ్చిన సాకష్విలీ ప్రభుత్వం ట్రాఫిక్ పోలీసు వ్యవస్థను మొత్తంగా రద్దు చేసి, కొత్త వాళ్లను తీసుకుంది. కిందిస్థాయి లంచాలు చాలావరకు పోయింది అప్పుడే. మీరు కార్డు కోసం వెళ్లే, పుట్టగొడుగుల్లాంటి కప్పులున్న జస్టిస్ హౌస్ కూడా ఆ సంస్కరణల్లో భాగమే. పాస్‌పోర్టు, భూమి రిజిస్ట్రేషన్, జనన ధ్రువపత్రం అన్నీ అక్కడ ఒకే కప్పు కింద దొరుకుతాయి. అయితే అదే పాలనలో జైళ్లలో చిత్రహింసలు జరిగాయి, కోర్టులపై ఒత్తిడి ఉండేది. 2012 ఎన్నికల్లో బిద్జీనా ఇవానిష్విలీ స్థాపించిన జార్జియన్ డ్రీమ్ పార్టీ గెలిచింది. ఈ దేశంలో ఓటు ద్వారా అధికారం శాంతియుతంగా చేతులు మారడం అదే మొదటిసారి. అప్పటి నుంచీ ఆ పార్టీదే అధికారం.

ఈయూతో అసోసియేషన్ ఒప్పందం (వాణిజ్యం, చట్టాల్లో దగ్గరయ్యే ఒప్పందం) 2014 జూన్ 27న కుదిరింది, 2016 జులై 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 2017 మార్చి 28 నుంచి బయోమెట్రిక్ పాస్‌పోర్టు ఉన్న జార్జియా పౌరులు షెంజెన్ దేశాలకు (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాలు) వీసా లేకుండా వెళ్లి, 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. గమనించండి, ఇది పౌరులకే. ఇక్కడి రెసిడెన్స్ కార్డున్న మనకు కాదు. ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తిన కొద్ది రోజులకే, 2022 మార్చి 3న, జార్జియా సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది. ఆ జూన్‌లో ఉక్రెయిన్, మోల్దోవాలకు అభ్యర్థి హోదా ఇచ్చి, జార్జియాకు మాత్రం 12 పనులు అప్పజెప్పారు. కోర్టుల స్వతంత్రత, మీడియా స్వేచ్ఛ, కొద్దిమంది ధనవంతుల పట్టు తగ్గించడం వాటిలో కొన్ని. ఏడాది తర్వాత చూస్తే మూడే పూర్తయ్యాయి. అయినా 2023 డిసెంబరు 14న, ఇంకో 9 షరతులతో, అభ్యర్థి హోదా ఇచ్చారు.

బండి తిరగబడింది ఆ తర్వాతే. ఆదాయంలో 20 శాతానికి మించి విదేశాల నుంచి అందుకునే సంస్థలు "విదేశీ శక్తి ప్రయోజనాలు నెరవేర్చేవి"గా నమోదు చేసుకోవాలని ఒక చట్టం తెచ్చారు. 2023 మార్చిలో జనం వీధిలోకి రావడంతో వెనక్కి తీసుకున్నారు. 2024లో మళ్లీ తెచ్చారు, అప్పటి అధ్యక్షురాలు జురాబిష్విలీ వీటో చేస్తే మే 28న పార్లమెంటు ఆ వీటోను తోసేసింది. అక్కడితో జార్జియా చేరిక ప్రక్రియను ఈయూ నిలిపేసింది. 2024 అక్టోబరు 26 ఎన్నికల్లో 150 సీట్లకు 89 పాలక పార్టీకి వచ్చినట్టు ప్రకటించారు. ప్రతిపక్షం ఒప్పుకోలేదు. నవంబరు 28న ప్రధాని కొబఖిద్జె, 2028 చివరి దాకా చేరిక చర్చల ఊసే ఎత్తబోమన్నారు. మీరు చూసిన నిరసనలు ఆ రాత్రి మొదలైనవే. 2025 నవంబరు నివేదికలో యూరోపియన్ కమిషన్ జార్జియాను పేరుకు మాత్రమే అభ్యర్థి దేశమని తేల్చింది.

విచిత్రమేమిటంటే, ఈయూలో, నాటోలో చేరడానికి రాజ్యాంగ సంస్థలన్నీ పాటుపడాలని ఈ దేశ రాజ్యాంగం 78వ అధికరణంలోనే రాసి ఉంది. వీధిలో ఉన్న జనం అడుగుతున్నది కొత్తదేమీ కాదు, రాజ్యాంగంలో ఉన్నదే. అందుకే వాళ్లను తేలిగ్గా తీసుకుని మాట్లాడొద్దు.

జవాబు: కుటాయిసి నుంచి

పైన అన్నగారు చెప్పినదానికి కొనసాగింపు. రేపే ప్రభుత్వం మనసు మార్చుకున్నా ఎంత కాలం పడుతుందో చూడమ్మా. చేరిక చర్చల్లో మొత్తం 35 అధ్యాయాలు (ఒక్కో రంగానికి ఒకటి), వాటిలో 33ను 6 గుంపులుగా విడగొట్టారు. న్యాయవ్యవస్థ, ప్రాథమిక హక్కుల గుంపును అన్నిటికంటే ముందు తెరుస్తారు, అన్నిటికంటే ఆఖరున మూస్తారు. ఏ మెట్టు ఎక్కాలన్నా 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఒక్కటి కాదన్నా ఆగుతుంది. క్రొయేషియా 2003లో దరఖాస్తు పెట్టి, 2005లో చర్చలు మొదలుపెట్టి, 2013 జులై 1న చేరింది. అది సాఫీగా సాగిన కేసు. ఉత్తర మాసిడోనియా 2005లోనే అభ్యర్థి అయింది, గ్రీసు అభ్యంతరం తీర్చడానికి 2019లో దేశం పేరే మార్చుకుంది, ఇంకా బయటే ఉంది. మోంటెనెగ్రో 2012 నుంచి చర్చల్లో ఉంది. "ఆరేళ్లలో అయిపోతుంది" అన్నవాళ్లు ఈ లెక్క చూసి ఉండరు.

జవాబు: జర్మనీ లైసెన్సు విషయం తెలిసిన సభ్యుడు

డిగ్రీ గురించి నేను చెబుతాను. ఇందులో మూడు వేర్వేరు విషయాలను కలిపేసి అమ్ముతున్నారు.

జార్జియా 2005 నుంచి బొలోన్యా ప్రక్రియలో (యూరప్ దేశాల ఉన్నత విద్యను ఒకే పద్ధతికి తెచ్చే ఒప్పందం) ఉంది. అంటే క్రెడిట్ల పద్ధతి యూరప్‌ది, మీ ఆరేళ్ల కోర్సు 360 క్రెడిట్లు. 1999 నుంచి కౌన్సిల్ ఆఫ్ యూరప్‌లో ఉంది. అది మానవ హక్కుల సంస్థ, ఈయూ కాదు. ఈ రెండింటి వల్ల ఎక్కడా వైద్యుడిగా లైసెన్సు రాదు. డాక్టర్ల డిగ్రీలను ఒక దేశంలోవి ఇంకో దేశంలో ఆటోమేటిక్‌గా గుర్తించే ఈయూ నిబంధన 2005/36 సభ్యదేశాల్లో చదివిన ఈయూ పౌరుల కోసం పెట్టింది. మధ్యలో దేశం చేరినా, చేరకముందు మొదలైన చదువులకు అదనపు షరతులుంటాయి. మీ పాస్‌పోర్టు భారతదేశానిదే కదా, కాబట్టి మీకు అది ఎటూ వర్తించదు.

జర్మనీ వెళ్లాలంటే జర్మన్ భాషలో బీ2 స్థాయి, ఆపై ఇంకా పై స్థాయి అయిన సీ1లో వైద్యభాషా పరీక్ష, మీ డిగ్రీ జర్మనీ డిగ్రీకి సమానమా అని చూసే తత్సమానత పరిశీలన. అందులో తేడాలు తేలితే విజ్ఞాన పరీక్ష రాయాలి. ఏ రాష్ట్రంలో దరఖాస్తు పెడతారో ఆ రాష్ట్ర అధికారులు చూస్తారు. సిలబస్‌లో సబ్జెక్టుల వారీ గంటలు, క్లినికల్ గంటలు ముద్రించిన కాగితం అడుగుతారు. ఏ ఏటికాయేడు యూనివర్సిటీ ముద్రతో తీసిపెట్టుకోండి. చదువయ్యాక ఒకేసారి అడిగితే పాత సిలబస్ దొరకదు, చాలామంది ఆగేది అక్కడే.

ఇంటికొచ్చేవాళ్లకు ఎన్‌ఎంసీ (భారత జాతీయ వైద్య కమిషన్) 2021 నవంబరు నిబంధనలు: కనీసం 54 నెలల చదువు ఇంగ్లిష్ మీడియంలో, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, భారత్‌లో మళ్లీ 12 నెలలు, అన్నీ పదేళ్లలోపు. ఇంకో షరతును జనం చదవరు: ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసు చేసే అర్హత ఆ డిగ్రీతో రావాలి. దీనిపై మీ యూనివర్సిటీ నుంచి లెటర్‌హెడ్‌పై రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట పనికిరాదు. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు భారత్‌లో రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కి 150 రావాలి.

అడిగిన సభ్యురాలు

చాలా థాంక్స్ అన్నా. మరి నిరసనల దగ్గరికి చూడ్డానికి వెళ్లొచ్చా? మా క్లాసులో జార్జియన్ ఫ్రెండ్స్ పిలుస్తున్నారు.

జవాబు: సబుర్తాలో నుంచి

వెళ్లొద్దమ్మా. వాళ్ల పోరాటం మీద ఎంత గౌరవమున్నా సరే. రోడ్డు అడ్డగించినా, ముఖానికి మాస్కు వేసుకున్నా అప్పట్లో జరిమానాతో పోయేది. 2025 అక్టోబరులో చట్టం మార్చి, 15 రోజుల దాకా నిర్బంధం పెట్టారు. మళ్లీ అదే చేస్తే క్రిమినల్ కేసు. వాళ్లకది వాళ్ల దేశం. మీకు వీసా, కార్డు, చదువు మొత్తం ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నాయి. జలుబుకు మాస్కు పెట్టుకుని పార్లమెంటు ఉన్న రుస్తావేలి రోడ్డు మీదుగా నడవడం కూడా ఆ సమయంలో వద్దు.

సబుర్తాలో నుంచి పాతబస్తీకి వెళ్లాల్సి వస్తే బస్సు కాకుండా మెట్రో పట్టుకోండి. రోడ్డు మూసినప్పుడు బస్సులు దారి మళ్లుతాయి. మెడికల్ యూనివర్సిటీ స్టేషన్‌లో ఎక్కి, స్టేషన్ స్క్వేర్‌లో ఎర్ర లైనుకు మారాలి. పార్లమెంటు ఉన్నది లిబర్టీ స్క్వేర్, రుస్తావేలి స్టేషన్ల మధ్య. గొడవ ఉన్న రాత్రి ఆ రెండింటిలోనూ దిగకండి. వీడియోలు తీసి పోస్టు చేయడమూ మానుకోండి.

ఇంకొకటి. విదేశీ గ్రాంట్లకు 2025 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ అనుమతి ఉండాలి. స్టైపెండ్ ఇస్తామని ఏ స్వచ్ఛంద సంస్థయినా పిలిస్తే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

జవాబు: వాకే నుంచి అక్క

కార్డు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. చదువు రెసిడెన్స్ పర్మిట్‌కి మీ చట్టబద్ధ గడువు ముగియడానికి కనీసం 40 రోజుల ముందే జస్టిస్ హౌస్‌లో దరఖాస్తు పడాలి. 39వ రోజు వెళితే ఆలస్యమే. నిర్ణయం 30, 20 లేదా 10 రోజుల్లో కావాలని ఎంచుకోవచ్చు, తొందర పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. ఎక్కువమంది చిక్కుకునేది యూనివర్సిటీ ధ్రువపత్రం దగ్గర. సెమిస్టర్ మధ్యలో ఆఫీసులో రద్దీ ఉంటుంది, అందుకే 60 రోజుల ముందే అడగండి.

అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా వైపు షికారు పెట్టుకోకండి. అవి 2008 యుద్ధం నుంచి రష్యా సైన్యం చేతిలో ఉన్నాయి, రష్యా వైపు నుంచి అక్కడికి అడుగుపెట్టడం జార్జియా చట్టం ప్రకారం నేరం.

సెలవుల్లో యూరప్ తిరగాలంటే తిబ్లిసిలోనే షెంజెన్ వీసాకు పెట్టుకోవచ్చు, కార్డు ఉంది కాబట్టి. ఎక్కువ రోజులుండే దేశం కాన్సులేట్‌కే వెళ్లాలి. 30,000 యూరోల ఇన్సూరెన్స్, 90 యూరోల ఫీజు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఆఖరి గడువు 15 రోజులు. వెళ్లొచ్చాక కూడా కార్డు చెల్లుబాటులో ఉండేలా ముందే చూసుకోండి.