ఈ వారం సమస్య: "చీడఁ బెంచు వాఁడె చెలిమికాఁడు"

నిర్వాహకుడు (రాజమహేంద్రవరం): ఆటవెలది పాదం. ఐదూ సూర్యగణాలే, చీ–చె యతి. మా మనవడు పెరట్లో నిమ్మమొక్కకు మందు కొట్టనివ్వడం లేదు, సీతాకోకచిలుకల ఫోటోలు కావాలట. వాడితో గొడవ పడుతుంటే పుట్టిన సమస్య ఇది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

అమలాపురం మిత్రుడు:
నిమ్మకొమ్మ మీద నిద్రించు పురుగుకు
మందు కొట్టవలదు, మాఱు నదియె
రెక్కలున్న పువ్వు! చక్కని ఫోటోకు
చీడఁ బెంచు వాఁడె చెలిమికాఁడు.

ముమ్మిడివరం మాస్టారు: మూడో పాదంలో "రెక్క–చక్క" ప్రాసయతి హాయిగా ఉంది. "పురుగుకు" మాత్రం వ్యాకరణానికి నిలవదు, "పురుగునకు" అనాలి. అంటే గణం చెడుతుంది. "నిమ్మకొమ్మ మీది నెమ్మది పురుగుపై" అని మార్చి చూడండి.

అత్తిలి అక్కయ్య: మాస్టారూ, నెమ్మదా? ఒకసారి తాకి చూడండి. తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ము చాచి ఘాటు వాసన వదులుతుంది. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండి పిట్టలనే మోసం చేస్తుంది, పెరిగాక ఆకుపచ్చలో కలిసిపోతుంది. ఇంత గడుసుదానికి నెమ్మది ఎక్కడిది?

అమలాపురం మిత్రుడు: మాస్టారి సవరణ తీసుకుంటున్నాను. అక్కయ్యగారి అభ్యంతరాన్ని పురుగుకే, క్షమించాలి, పురుగునకే వదిలేస్తున్నాను.

కడియం నుంచి ఒకరు:
మడిని రైతు దేని మందుతోఁ జంపును?
మొక్క నేమి సేయు మురిసి మాలి?
కష్టమందు నెవఁడు కదలక నిల్చును?
చీడఁ, బెంచు, వాఁడె చెలిమికాఁడు.

ముమ్మిడివరం మాస్టారు: క్రమాలంకారం, మూడు ప్రశ్నలకూ వరుసగా మూడు జవాబులు! "దేని" అని ద్వితీయలో అడిగి "చీడఁ" అని ద్వితీయలోనే జవాబు రాబట్టారు, అరసున్న సార్థకమైంది. 1870లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు పుట్టిన ఊరు కదా మరి, నర్సరీల్లో పూలతో పాటు పద్యాలూ పూస్తాయి. కానీ సమస్యలోని చిక్కును విప్పకుండా పక్కనుంచి దాటేశారు. సీతాకోకచిలుక ఎక్కడా లేదు.

అత్తిలి అక్కయ్య: సీతాకోకచిలుక కాకపోయినా తూనీగ ఉంది మాస్టారూ, "కదలక నిల్చును" అన్నచోట. ధనుర్మాసంలో తెల్లవారకముందే గట్టు మీదికి వెళితే మంచు పట్టిన తూనీగలు వరికంకులకు అంటుకుని ఉంటాయి. వాటికి సొంత వేడి లేదు, ఎండ తగిలేదాకా ఎగరలేవు. అప్పుడు మనమూ ఊపిరి బిగబట్టి కదలకుండా నిలిస్తేనే తూనీగ కంటికి ఫోకస్ కుదురుతుంది. రెక్కలు ఎంత స్పష్టంగా వచ్చినా కన్ను మసకబారితే ఆ ఫోటో పారేయడమే. ఇక నా వంతు:

జిల్లెడాకుఁ దిన్న చిఱుచారల పురుగు
రేపు రాజఠీవి రెక్క విప్పు;
కెమెర పట్టు వాఁడు కీటకద్వేషియే?
చీడఁ బెంచు వాఁడె చెలిమికాఁడు.

ముమ్మిడివరం మాస్టారు: "రాజఠీవి" సంస్కృతానికి తెలుగు అతికిన దుష్టసమాసం, "రాచఠీవి" అనండి. "రేపు" అంటే మరునాడే అనుకుంటే ప్రకృతి ఒప్పుకోదు, గూడులో కొన్నాళ్లు వేలాడాలి. అయినా జిల్లేడును ఎంచుకోవడం బాగుంది. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకునే పురుగు కాబట్టి రెక్కలొచ్చాక కూడా పిట్టలు దాని జోలికి పోవు. ఆ ఠీవి ఊరికే వచ్చిందా!

కొత్తపేట కొబ్బరి రైతు: అందరూ బాగానే పెంచుతున్నారు. మా కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగును కూడా పెంచమంటారా? విచ్చిన ఆకులన్నీ కత్తెర పెట్టినట్టు తెగి ఉన్నాయి.

నిర్వాహకుడు: బాబాయిగారూ, ఈ చెలిమి పెరటి నిమ్మమొక్క వరకే. పెంటకుప్పలో దాని పిల్లలు పెరుగుతుంటాయి, ముందు అక్కడ చూడండి. ఈ వారానికి అక్కయ్యగారి పూరణే నాకు నచ్చింది, రాచఠీవి సవరణతో.

కొత్తపేట కొబ్బరి రైతు: పొద్దున మొవ్వులోంచి ఇనుప కొక్కెంతో ఒకదాన్ని లాగాను. చంపే ముందు ఎందుకో ఫోను తీశాను. అక్కయ్యగారు చెప్పినట్టే కంటికి ఫోకస్ కుదిరింది. పద్యమే రెండో పాదం దగ్గర ఆగిపోయింది.