మిద్దె మీద పిచ్చుకలకు గింజలు వేయడం మానాలా? ఎలుకల బెడదపై చర్చ

వేపచెట్టు (తిరుపతి):

మా కాలనీ సంఘం రానున్న సమావేశంలో ఒక తీర్మానం ప్రవేశపెట్టబోతున్నది. వాకిళ్ళలో, పెరళ్ళలో, మిద్దెల మీద పక్షులకు గింజలు గానీ అన్నం గానీ వేయరాదన్నది అందులో మొదటి అంశం. మురుగుకాలువల పొడవునా, ప్రహరీగోడల పక్కన ఎలుకల మందు పెట్టించాలన్నది రెండవది. ఎలుకలు పెరిగిన మాట నిజమే. వంటగదుల్లోకి చిట్టెలుకలు, పెరళ్ళలోకి పందికొక్కులు వస్తున్నాయని చాలామంది చెబుతున్నారు, వారి ఇబ్బందిని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయినా ఈ రెండు అంశాలూ తప్పేనని, అందులోనూ రెండవది మరింత పెద్ద తప్పని నా అభిప్రాయం.

పిచ్చుకలు, గోరింకలు, గువ్వలు, పికిలిపిట్టలు తెల్లవారాక మేతకు దిగి పొద్దుగూకే వేళకు గూటికి చేరతాయి. ఎలుక ప్రధానంగా రాత్రి తిరిగే జీవి. ఉదయం వేసిన గింజ సాయంత్రానికి నేల మీద మిగలకపోతే అది ఎలుక నోటికి అందే అవకాశమే ఉండదు. కనుక మేత వేయడాన్ని నిషేధించవలసిన అవసరం లేదు, మిగిలిన మేతను రాత్రికి ఉంచకుండా చూసుకుంటే చాలు. పెంకుటిళ్ళ చూరులు పోయి అంతా కాంక్రీటు అయిన వీధుల్లో ఊరపిచ్చుకకు గూడు కట్టుకునే సందే కరువైంది. ప్రతి మార్చి 20న పిచ్చుకల దినం జరుపుకొని, మరునాడు వాటి మేతను నిషేధించే తీర్మానానికి చేతులెత్తడం నాకు మనస్కరించడం లేదు. మీ వీధుల్లో ఈ సమస్యను ఎలా పరిష్కరించుకున్నారో వ్రాయగలరు.

కింది అంతస్తు (తిరుపతి):

వేపచెట్టు గారూ, మీరు చెప్పిన పద్ధతి మీ ఒక్కరి మిద్దెకు సరిపోతుంది. నేను అపార్టుమెంటులో కింది అంతస్తులో ఉంటున్నాను, పై అంతస్తులో ఉన్నవారు పక్షులకంటూ వేసే దానిలో గింజలకంటే రాత్రి మిగిలిన పులిహోర, ఇడ్లీ, ఎండిన చపాతీలే ఎక్కువ. పిచ్చుకలు గింజను ఒలిచి తినేటప్పుడు సగం పొట్టుతో పాటు కిందికి రాలుతుంది, చిలుకలైతే కొరికినదానికంటే పారవేసేదే ఎక్కువ. అదంతా మా కిటికీ పక్కన, ఏసీ యంత్రం వెనుక పడుతుంది. మా ఇంట్లో పాకే వయసు బిడ్డ ఉన్నది, ఉదయం లేచి వంటగది గట్టు మీద ఎలుక పెంటికలు తుడుచుకున్న తర్వాతే పాలు కాచుకోవలసి వస్తున్నది. పుణ్యం పై అంతస్తువారికి, ఊడ్పు పని కింది అంతస్తువారికి అన్నట్లుగా ఈ ఏర్పాటు ఎంతకాలం సాగాలి?

మరొక మాట కూడా చెప్పాలి. మనం వేసే గింజలకు వచ్చేవి ఎక్కువగా పావురాలు, కాకులు, గోరింకలు. ఇవి మన సాయం లేకుండానే ఊళ్ళలో బాగా బతుకుతున్నాయి. శేషాచలం కొండల్లోని రాతిపొదల్లో, గొంతు పసుపుపచ్చగా ఉండే అరుదైన పికిలిపిట్ట ఒకటి ఉన్నది. ఆపదలో ఉన్న పక్షి అదే, దానికి కావలసినది ఆ పొదల అడవి. అది ఎన్నటికీ మన మిద్దె మీది కొర్రలకు రాదు. కనుక మేత వేయడాన్ని పక్షి సంరక్షణ అని పిలవడం నాకు సమ్మతం కాదు. 2025లో ముంబయిలో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలను మూసివేయించే దాకా పరిస్థితి వెళ్ళింది, హైకోర్టు కూడా ప్రజారోగ్యం గురించి గట్టిగా మాట్లాడింది. అంతవరకు పోకముందే మన కాలనీలు జాగ్రత్తపడితే మంచిది.

పంటరక్షణ (చిత్తూరు):

పొలాల్లో ఎలుకల నివారణ పనిని చాలాకాలం దగ్గరుండి చేయించినవాడిని కనుక ముందుగా మందు గురించి వ్రాస్తాను. ఆ తీర్మానంలో అన్నిటికంటే తక్కువ ఆలోచించి వ్రాసిన భాగం అదేనని నాకు అనిపిస్తున్నది.

జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు ఎరను 96 పాళ్ళ నూకలకు 2 పాళ్ళ వంటనూనె పట్టించి, 2 పాళ్ళ మందు కలిపి తయారు చేస్తారు. అంటే చూడటానికీ వాసనకూ అది దాదాపు నూకలే. దానిని పొట్లం కట్టి బొరియ లోపలికి నెట్టి, పైన మట్టితో మూయాలన్న నియమం అందుకే ఉన్నది. అదే ఎరను కాలువగట్టు మీద, గోడ పక్కన విప్పి పెడితే రాత్రి ఎలుక వచ్చేలోగా పగలే పిచ్చుకలు, గువ్వలు, పొరుగింటి కోళ్ళు తిని చస్తాయి. కడుపులోని ఆమ్లానికి తగలగానే ఆ మందు నుండి ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. పైగా ఎలుక ఎంతో అనుమానంగల జీవి. కొంచెం తిని జబ్బుపడి బతికి బయటపడిన ఎలుక ఆ ఎరను మళ్ళీ ముట్టదు. అందువల్ల ముందు కొన్ని రాత్రులు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేసి, ఆ తర్వాతే మందు పెట్టవలసి ఉంటుంది. ఒక్క పూటలో కాలనీ అంతా తిరిగి మందు పెట్టి డబ్బు తీసుకొని వెళ్ళేవారు ఇంత ఓపిక పట్టరు.

ఇక అంగళ్ళలో అట్టపెట్టెల్లో అమ్మే బ్రోమడయోలోన్ బిళ్ళలు రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతాయి. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజుల పాటు నీరసంగా, మెల్లగా తిరుగుతుంది. అలాంటి ఎలుక గుడ్లగూబకు, జెర్రిపోతుకు, పిల్లికి సులువుగా దొరుకుతుంది, దానితో పాటు మందు కూడా వాటి కడుపులోకి పోతుంది. తెల్ల గుడ్లగూబకు ఎలుకలే ప్రధాన ఆహారం. దానిని చావుపిట్ట అని తరిమేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే మన ధాన్యానికి అంతకంటే మంచి కాపలా లేదు. మందు పెట్టి గుడ్లగూబను పోగొట్టుకుంటే మరుసటి ఈతకు పుట్టే ఎలుకలను పట్టేవారే ఉండరు. ఎలుక గర్భకాలం సుమారు మూడు వారాలు మాత్రమే. తిండి, దాగే చోటు రెండూ అలాగే ఉంచి ఎలుకలను చంపుతూ పోతే ఖాళీ అయిన బొరియల్లోకి పక్క వీధి ఎలుకలు వస్తాయి.

పసుపు భాస్వరం కలిసిన ఎలుకల మందు ముద్దను మాత్రం ఎవరూ ఇంట్లోకి తీసుకురావద్దని వేడుకుంటున్నాను. బ్రోమడయోలోన్ మనిషి కడుపులోకి పోతే విటమిన్ కె1 అనే విరుగుడు ఉన్నది. భాస్వరానికి అదీ లేదు, కాలేయం చెడిపోతుంది. జిగురు అట్టలు కూడా వద్దు. వాటికి బల్లులు, పిచ్చుకలు కూడా అంటుకొని గిలగిలలాడి చస్తాయి, భారత జంతు సంక్షేమ మండలి సైతం వాటిని నిషేధించవలసిందిగా రాష్ట్రాలను కోరింది.

మరి ఏమి చేయాలంటే, ముందు సందులు మూయాలి. చిట్టెలుక పావు అంగుళం సందులో నుంచి కూడా దూరిపోతుంది. తలుపు అడుగున రేకుపట్టీ, స్నానాల గది గొట్టానికి ఇనుపజాలి, గోడలో గొట్టాలు దూరే చోట సిమెంటు వేయించాలి. ఇళ్ళలో తిరిగే నల్ల ఎలుక చెట్లు బాగా ఎక్కుతుంది కనుక మిద్దెకు ఆనుకున్న మామిడి, జామ కొమ్మలను కత్తిరించాలి. ఆ తర్వాత గోడ వెంబడి బోనులు పెట్టి, లోపల కాల్చిన ఎండుకొబ్బరి ముక్క తగిలించాలి. ఎలుకలు గోడను ఆనుకొనే నడుస్తాయి, గది మధ్యలో పెట్టిన బోను వల్ల ఉపయోగం లేదు.

కింది అంతస్తు గారు చెప్పిన రాలుడు మాట వాస్తవం. దానికి గింజల గిన్నె అడుగున వెడల్పాటి పళ్ళెం కట్టాలి. మన పెద్దలు గుడి మండపాల్లో, ఇంటి వసారాలో వేలాడదీసిన వరికంకుల కుచ్చు నేటికీ మంచి పద్ధతే, ఎందుకంటే పిచ్చుక కంకిని పట్టుకొని ఊగుతూ తినగలదు, పావురం అలా తినలేదు. కాకపోతే అది కూడా గోడకు దూరంగా, కింద రాలిన వడ్లను ఊడ్చుకోగలిగిన చోటనే ఉండాలి. ఇంట్లో నిల్వ ఉంచే కొర్రలు, సజ్జలను గోనెసంచిలో కాకుండా మూత బిగువుగా ఉండే స్టీలు డబ్బాలో పోస్తే ఎలుకతో పాటు ముక్కుపురుగు బెడద కూడా తగ్గుతుంది.

తులసికోట (చిత్తూరు):

మా ఇళ్ళలో వంట కాగానే కాకికి ఒక ముద్ద పెట్టిన తర్వాతే విస్తరి వేస్తారు. ఈ ఆచారాన్ని ఒక సంఘం తీర్మానంతో ఆపించడం కుదరదు, కూడదు కూడా. అయితే కాకికి పెట్టేది పిడికెడు అన్నం, అది మన కళ్ళ ముందే వచ్చి తిని పోతుంది. రాత్రి మిగిలినదంతా గోడ మీద కుమ్మరించి కాకికి పెట్టామనుకోవడం ఆచారం కాదు. ఆ విషయంలో కింది అంతస్తులో ఉన్న ఆ తల్లి బాధ పూర్తిగా న్యాయమైనది.

చలిజ్వరం (తిరుపతి):

వైద్యవృత్తిలో ఉన్నవాడిగా రెండు మూడు విషయాలు చెప్పదలచాను. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం మన ప్రాంతపు ఆస్పత్రులకు కొత్తది కాదు. ఎలుకల వంటి జీవుల మీద, పొదల్లో బతికే అతి చిన్న నల్లుల (మంచపు నల్లులు కావు, మైట్లు) పిల్లపురుగులు కుట్టడం వల్ల అది వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి, సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే మందుతో నయమవుతుంది. ఎలుకల మూత్రం కలిసిన వాననీటిలో పుండ్లున్న కాళ్ళతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. కనుక ఎలుకలను అదుపు చేయాలన్నవారి పట్టుదలను నేను సమర్థిస్తున్నాను. కానీ ఖాళీ స్థలాల్లో మోకాలెత్తు పెరిగిన పిచ్చిగడ్డి, కలుపు తీయకుండా కేవలం పిచ్చుకల గింజలను ఆపితే ఈ జ్వరాలు తగ్గవు.

పావురాల సంగతి వేరు. వాటి ఎండిన రెట్ట, ఈకల పొడి నిత్యం పీల్చేవారిలో కొందరికి ఊపిరితిత్తుల్లో అలెర్జీ వాపు వస్తుంది, నిర్లక్ష్యం చేస్తే అది శాశ్వతంగా మిగిలిపోవచ్చు. ఉబ్బసం ఉన్నవారి కిటికీ పక్కన పావురాలకు మేత వేయడాన్ని నేను ఏ రూపంలోనూ ఒప్పుకోలేను. ఆ రెట్టను పొడిగా ఊడ్వకుండా నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకొని తీయాలి.

ఎండాకాలంలో పెట్టే నీటి తొట్టెల విషయం కూడా వ్రాయాలి. తిరుపతి ఎండల్లో గింజల కంటే నీటి అవసరమే పక్షులకు ఎక్కువ, దానిని ఆపవద్దు. డెంగీ దోమ గుడ్డు నుండి దోమగా మారడానికి సుమారు వారం పడుతుంది కాబట్టి రోజూ నీరు మార్చితే చాలు. అయితే ఆ దోమ గుడ్లు తొట్టె అంచుకు అంటుకొని ఎండిపోయినా బతికి ఉంటాయి, అందుచేత నీరు పారబోసి సరిపెట్టుకోకుండా పీచుతో అంచులు రుద్ది కడగాలి.

అలిపిరి దారి (తిరుపతి):

కొండ పాదాన ఉన్న మా వీధుల్లో గింజల గిన్నెలకు ఎలుకల కంటే ముందు కోతులు వస్తాయి. మేము గిన్నెలు పూర్తిగా తీసివేసి, వేప, మేడి, నేరేడు, మందారం పెంచుకుంటున్నాము. వేపపండ్లకు పికిలిపిట్టలు, కోయిలలు, మందారాలకు తేనెపిట్టలు వస్తున్నాయి. మొక్కల మీద పురుగులమందు కొట్టడం మానిన తర్వాత పిచ్చుకలు కూడా కనిపిస్తున్నాయి, వాటి పిల్లలకు మొదటి రోజుల్లో కావలసినవి పురుగులే కదా.

కింది అంతస్తు (తిరుపతి):

పంటరక్షణ గారి వివరణ చదివిన తర్వాత మందు పెట్టించాలన్న అంశాన్ని నేను సమర్థించలేను. పాకే బిడ్డ ఉన్న ఇంటి పక్కన నూకల రూపంలో విషం ఉంటుందన్న ఆలోచనే భయం కలిగిస్తున్నది. కానీ మేత విషయంలో నా అభ్యంతరం అలాగే ఉన్నది. పళ్ళెం కడతామని, సాయంత్రం ఊడుస్తామని అందరూ సమావేశంలో ఒప్పుకుంటారు, పండుగకు ఊరికి వెళ్ళినప్పుడు గిన్నె నిండా పోసి వెళ్ళిపోతారు. నియమాన్ని పాటించనివారిని ఏమి చేయాలో చెప్పకుండా నియమాలు వ్రాసుకుంటే మళ్ళీ ఊడ్వవలసినది నేనే.

వేపచెట్టు (తిరుపతి):

కింది అంతస్తు గారి ప్రశ్న సరైనది, అందరి సూచనలను కలిపి నేను ప్రతిపాదించబోయే సవరణలో దానికి సమాధానం ఉండాలి. మందు అంశాన్ని పూర్తిగా తొలగించి, ఆ సొమ్ముతో కాలువ మూతలకు జాలీలు, ఉమ్మడి స్థలాల్లో బోనులు పెట్టించి, ఖాళీ స్థలాల్లోని పిచ్చిగడ్డి తీయించాలని కోరతాను. వండిన పదార్థాలు ఏవీ బయట వేయరాదు, కాకికి పెట్టే ముద్దకు మాత్రం మినహాయింపు ఉంటుంది. గింజలు ఉదయం పూట, గంటలో అయిపోయేంత మాత్రమే, పళ్ళెం ఉన్న గిన్నెలో వేయాలి. కిటికీ గట్ల మీద, ఏసీ యంత్రాల మీద పావురాలకు ఏదీ వేయరాదు. అపార్టుమెంట్లలో అయితే కింద ఉన్నవారి అంగీకారం లేకుండా ఎవరూ గిన్నె వేలాడదీయరాదు. ఊరికి వెళ్ళేవారు గిన్నె దించి వెళ్ళాలి, దించకపోతే కాపలాదారు దానిని తీసి సంఘం గదిలో పెట్టే అధికారం ఉండాలి.

చిలుకలు రాలిచేదాన్ని ఆపే మార్గం నాకు కనిపించలేదు. రామచిలుక మన రాష్ట్రపక్షి అయినా సరే, అపార్టుమెంట్లలో వాటి కోసం జామపండ్లు, వేరుశనగలు కట్టడం మానాలనే వ్రాస్తున్నాను.

కింది అంతస్తు (తిరుపతి):

కింద ఉన్నవారి అంగీకారం అన్న మాట తీర్మానంలో అక్షరాలా ఉంటే నేను సవరణకు ఓటు వేస్తాను. ఆ అంగీకారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు కూడా మాకు ఉండాలి, దయచేసి ఆ వాక్యాన్ని కూడా చేర్చండి.