కాలేజీ ఆడిటోరియం కప్పు: మెటల్ ప్యానెలా, ఆర్‌సీసీ స్లాబా?

కాలేజీ కమిటీ (తిరుపతి):
అందరికీ నమస్కారం. రేణిగుంట రోడ్డు వైపు ఉన్న మా డిగ్రీ కాలేజీకి కిందా పైనా కలిపి రెండు అంతస్తులు. వాటి మీద 18 మీటర్ల వెడల్పు, 36 మీటర్ల పొడవున ఆడిటోరియం కట్టాలని తీర్మానం అయింది. నడుమ స్తంభం ఉండకూడదు. కప్పుకు 50 మి.మీ. పఫ్ ప్యానెల్ (రెండు రేకుల నడుమ నురుగు నింపిన శాండ్‌విచ్ ప్యానెల్), పక్క గోడలకూ అదే, ముందువైపు ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) అని ఒక కొటేషన్ వచ్చింది. కమిటీలో సగం మంది "పిల్లలు కూర్చునే చోట రేకుల షెడ్డా?" అంటున్నారు. మిగతా సగం స్లాబు ఖర్చు చూసి వెనకాడుతున్నారు. ఎండ, వాన చప్పుడు, నిప్పు: వాళ్ళ భయాలు ఈ మూడే. తెలిసినవాళ్ళు అంకెలతో చెబితే మీటింగులో అవే పెడతాను.

ఉక్కుగూడు:
సార్, ఆ మూడింటికన్నా ముందు బరువు చూడండి. 125 మి.మీ. స్లాబు ఒక్కటే చదరపు మీటరుకు 312 కిలోలు. నడుమ స్తంభం లేకుండా 18 మీటర్లు దాటాలంటే బీము లోతు 1.2 నుంచి 1.5 మీటర్లు ఉండాలి. బీములు, పైన వాటర్‌ప్రూఫింగ్, కింద ప్లాస్టరింగ్ అన్నీ కలిపితే చదరపు మీటరుకు 600–700 కిలోలు తేలుతుంది. మీ హాలు 648 చదరపు మీటర్లు, అంటే దాదాపు 400 టన్నులు. ఉక్కు ఫ్రేము, పర్లిన్లు (ప్యానెల్ ఆనే అడ్డ కడ్డీలు), ప్యానెల్ కలిపినా 35–40 కిలోలే, మొత్తం 25 టన్నులు. కింది స్తంభాలు, పునాదులు రెండంతస్తులకే డిజైన్ చేసినవైతే 400 టన్నుల మాట ఎత్తకూడదు. పాత డ్రాయింగులు లేకపోతే పునాది దగ్గర ఒక గుంత తవ్వించి, స్తంభాలకు కోర్ టెస్టు (కాంక్రీటు ముక్క తీసి బలం చూసే పరీక్ష) చేయించి, ఆ తర్వాతే కొటేషన్లు పిలవండి.

తేలికదనంతో ఇంకో చిక్కుంది. స్లాబు తన బరువుతో తానే కూర్చుంటుంది. రేకు కప్పును మాత్రం గాలి ఎత్తకుండా కిందికి పట్టి ఉంచాలి. గాలి ఒత్తిడికి మన దేశపు కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో చెన్నైకీ నెల్లూరుకీ ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోల పైమాటే. 50 మి.మీ. పఫ్ ప్యానెల్ బరువు 10–11 కిలోలు. లెక్క మీకే అర్థమవుతుంది. తీరం నుంచి 60 కి.మీ. లోపల కట్టే బళ్ళకు, ఆసుపత్రులకు అదే కోడ్ 2015 కూర్పు గాలివేగాన్ని ఇంకో 1.3 రెట్లు చేయమంటుంది. తిరుపతి ఊరు ఆ గీత దాటి ఉంది. మన జిల్లాలోనే సూళ్ళూరుపేట, నాయుడుపేట మాత్రం లోపలే. కాబట్టి అక్కడి డ్రాయింగు ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి పనికిరాదు. పాత స్తంభాల తలల్లో దించే కెమికల్ యాంకర్లకు (రసాయన జిగురుతో పట్టే బోల్టులకు) పైకి లాగే బలం ఎంతో డిజైన్ షీటులో అడగండి. చాలామంది కిందికి దిగే బరువు చూపించి ఊరుకుంటారు.

మిద్దెవాది:
బరువు లెక్క ఒప్పుకుంటాను. కానీ జనం కూర్చునే హాలును గోడౌను లెక్కన చూడొద్దు.

నిప్పు. పఫ్ కాలితే వచ్చే పొగ మనిషిని పడగొట్టడానికి మంట అక్కర్లేదు. ఉక్కు కూడా 550 డిగ్రీల దగ్గర బలంలో సగం పోగొట్టుకుంటుంది. పూత లేని ఫ్రేము అక్కడిదాకా చేరడానికి ఎక్కువసేపు పట్టదు. స్లాబు అయితే జనం బయటపడేదాకా నిలబడుతుంది. మీ హాల్లో స్టేజీ కర్టెన్లు, స్టేజీ లైట్లు, పఫ్ గోడ అన్నీ ఒకే చోట ఉంటాయి, గమనించారా?

చప్పుడు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెమినార్లు, వార్షికోత్సవాలు మొదలయ్యేదీ అప్పుడే. పఫ్ పెడితే చప్పుడు తగ్గుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు, అది నిజం కాదు. నురుగు గట్టిగా అతుక్కుని ఉండటంతో పై రేకు అదురు కింది రేకుకు నేరుగా దిగుతుంది. నురుగుకు బరువూ లేదు, చప్పుడును పీల్చే గుణమూ లేదు. 2021 నవంబరులో తిరుపతి మీద కురిసినట్టు కురిస్తే మైకు పెట్టినా మాట వినపడదు.

నా సలహా: ఆడిటోరియం నేల మీద విడిగా, సొంత పునాదులతో కట్టండి. ఖాళీ స్థలం ఉంటే అదే మేలు.

చిత్తూరు డిజైన్:
మిద్దెవాది గారు చెప్పిన రెండు లోపాలూ నిజమే. అయితే ఆ తప్పు పఫ్‌ది, మెటల్ కప్పుది కాదు. లోపలి సరుకు మారిస్తే రెండూ తీరతాయి. రాక్‌వూల్ ప్యానెల్ తీసుకోండి. అది రాతి నార, అంటుకోదు. పైగా బరువు ఉంటుంది కాబట్టి వాన అదురును బాగా తగ్గిస్తుంది. దాని కింద గాలి ఖాళీ వదిలి మినరల్ ఫైబర్ ఫాల్స్ సీలింగ్ కడితే మాట వినపడుతుంది. రెండూ కావాలి, ఒక్కటి చాలదు.

ఎండ లెక్క ఇదీ. మే నెలలో రేకు పైభాగం 65 డిగ్రీలు, లోపల 30 అనుకుందాం. 50 మి.మీ. పఫ్‌కు వేడిని వదిలే రేటు, అంటే యూ వాల్యూ, 0.44 దాకా ఉంటుంది. తేడా 35 డిగ్రీలకు చదరపు మీటరుకు 15 వాట్లు. మీ హాలు మొత్తానికి 10 కిలోవాట్లు, అంటే మూడు టన్నుల ఏసీ పని. ఇన్సులేషన్ లేని మామూలు స్లాబుకు ఆ రేటు 3కు పైనే. పైగా స్లాబు పగలంతా వేడి తాగి సాయంత్రం వదులుతుంది. మీ కార్యక్రమాలు సాయంత్రం ఆరింటికి మొదలైతే స్లాబు మిమ్మల్ని రాత్రి తొమ్మిది దాకా ఉడకబెడుతుంది. మన ఊళ్ళ పాత మద్రాసు టెర్రస్ మిద్దెల మందం, సున్నం ఇప్పటి 125 మి.మీ. స్లాబుకు లేవు. "స్లాబంటే చల్లన" అన్న మాట ఆ మిద్దెలకు చెల్లుతుంది.

ఈసీబీసీ 2017 (భవనాల్లో కరెంటు పొదుపు కోడ్) కప్పుకు యూ వాల్యూ 0.33 అడుగుతుంది. పదివేల చదరపు మీటర్ల లోపు బళ్ళకు మాత్రం 0.47 చాలు. మీది కాలేజీ కాబట్టి 0.33 లెక్కే పట్టుకోండి. దానికి పఫ్ అయితే 80 మి.మీ., రాక్‌వూల్ అయితే 120 మి.మీ. కావాలి. 120 రాక్‌వూల్ ప్యానెల్ చదరపు మీటరుకు 20 కిలోలు దాటుతుంది, పఫ్‌కు రెండింతలు. ప్యానెల్ మార్చి పర్లిన్ మార్చకుండా వదిలేయకండి.

ముందు గోడకు ఏసీపీ అన్నారు. 4 మి.మీ. షీటులో పైన కింద సన్నని అల్యూమినియం, నడుమ ప్లాస్టిక్. ఆ నడుమ సరుకు పాలిథిలీన్ అయితే వద్దే వద్దు. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న మంట గోడ పట్టుకుని పైదాకా పాకింది అలాంటి షీటు మీదుగానే, 72 మంది పోయారు. ఏ2 గ్రేడ్ (దాదాపు కాలని రకం) అని టెస్టు సర్టిఫికెట్ చూపిస్తే సరే, లేకపోతే ఉత్త అల్యూమినియం షీటు వేయండి.

రేకుల మేస్త్రి:
పెద్దలు డిజైన్ చెప్పారు. పైకెక్కి బిగించే చోట ఏం తప్పుతుందో నేను చెబుతాను.

మొదట మందం. కొటేషన్‌లో 0.5 మి.మీ. అని ఉంటే అది పూతా రంగూ కలిపిన మందం. ఏజెడ్ 150 పూతకు (గాల్వల్యూమ్ అనే అల్యూమినియం–జింకు పూతకు) 0.04, రంగుకు ఇంచుమించు అంతే పోతే ఉక్కు మిగిలేది 0.42. "ఉక్కు మందం ఎంత?" అని విడిగా రాయించుకోండి. ప్రొఫైల్ షీటు (గాళ్ళు పడ్డ ఒంటి రేకు) అయితే సైటులో చూడటం సులువు: 1220 మి.మీ. కాయిల్ నుంచి తీసిన రేకును మీటరు పొడవు కోసి తూకం వేస్తే 4.2–4.3 కిలోలు రావాలి. 3.7 వస్తే లారీ వెనక్కి పంపండి. శాండ్‌విచ్ ప్యానెల్‌లో నురుగు అంటుకుని ఉంటుంది కాబట్టి తూకం కుదరదు, అంచు దగ్గర మైక్రోమీటరు పెట్టాలి.

మీ కప్పు నడుమ రిడ్జి (ఎత్తైన వెన్ను), రెండు పక్కలా 9 మీటర్లు. ఆ పొడవు ఒకే ముక్కగా లారీలో వస్తుంది, నడిమధ్య అతుకు పెట్టనివ్వకండి. వాలు పదికి ఒకటి, అంటే రిడ్జి దగ్గర 90 సెం.మీ. ఎత్తు. అంతకన్నా తగ్గిస్తే స్క్రూ కప్పు కారుతుంది. 50 డిగ్రీల తేడాకు 9 మీటర్ల రేకు సాగేది 5–6 మి.మీ. కాబట్టి స్క్రూలు తట్టుకుంటాయి. 30 మీటర్ల రేకు అయితే 18 మి.మీ. సాగి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో వెడల్పవుతాయి. అక్కడ స్టాండింగ్ సీమ్ (పైనుంచి స్క్రూ గుచ్చకుండా అంచులు మడిచి బిగించే రేకు) తప్పదు.

కారడానికి నూటికి తొంభై సార్లు కారణం స్క్రూయే. ఈపీడీఎం (రబ్బరు) వాషరు కొద్దిగా ఉబికి కనపడాలి, అంచులు బయటికి పిండుకు రాకూడదు. కుర్రాళ్ళు ఇంపాక్ట్ డ్రైవరుతో దంచేస్తారు, వాషరు చీలుతుంది, రెండో వానకే కారుతుంది. క్లచ్ ఉన్న స్క్రూ గన్ వాడాలి. వంకరగా దిగిన స్క్రూ తీసేసి అదే రంధ్రంలో ఒక సైజు పెద్దది వేయాలి, సిలికాన్ పూసి సరిపెట్టకూడదు. డ్రిల్ చేసిన ఇనుప రజను ఏ రోజుకారోజు ఊడ్చేయాలి. ఒక్క రాత్రి మంచుకు అది తుప్పు చుక్కలై రంగులో దిగిపోతుంది. గ్రైండరుతో రేకు కోయడం పూర్తిగా బంద్: నిప్పురవ్వలు పక్క రేకుల రంగును కాలుస్తాయి, కోసిన అంచు పూత కరిగిపోతుంది. నిబ్లరు (రేకును కొరికి కోసే మిషను) గానీ కత్తెర గానీ వాడాలి. అంచుల్లో, మూలల్లో, రిడ్జి పక్కన స్క్రూల దూరం సగానికి తగ్గాలి. గాలి మొదట లేపేది అక్కడే.

ఇంకొక మాట. ఏసీ నీళ్ళ పైపు కప్పు మీదికి వదలకండి. రాగి కాయిల్ తాకి వచ్చే నీళ్ళు గాల్వల్యూమ్ పూతను తినేస్తాయి. తడి సిమెంటు కూడా అంతే. పారపెట్ ప్లాస్టరింగ్ అయ్యాకే రేకులు పరవండి.

మిద్దెవాది:
మేస్త్రీ, మీరు చెప్పిన జాగ్రత్తలే నా వాదనకు బలం. ఇంతమంది ఇన్ని చోట్ల సరిగ్గా చేస్తేనే ఆ కప్పు నిలుస్తుంది. స్లాబులో తప్పుకు అంత చోటు లేదు. పైగా రేకుకన్నా వాషరు ముందు పోతుంది, మళ్ళీ వేలకొద్దీ స్క్రూలు మార్చాలి. ఆ ఖర్చు ఎవరూ కొటేషన్‌లో చూపించరు. స్క్రూ రేకులో పల్లంగా ఉండే గాడిలో వేస్తున్నారా, ఎత్తుగా ఉండే గట్టు మీదా?

రేకుల మేస్త్రి:
అన్నా, స్లాబులో తప్పుకు చోటు లేదంటే ఒప్పుకోను. క్యూరింగ్ సరిగ్గా కాని స్లాబు, మూత వేయని పైపు రంధ్రం ఎన్ని చోట్ల కారడం లేదు? కాకపోతే స్లాబు నెమ్మదిగా కారుతుంది, రేకు వెంటనే కారుతుంది.

గాడిలో వేస్తే రేకు పర్లిన్‌కు ఆనుకుని గట్టిగా పడుతుంది, కానీ నీళ్ళు దాని మీదుగా పారతాయి. గట్టు మీద వేస్తే నీళ్ళు తాకవు, కానీ బిగువు ఎక్కువైతే గట్టు నొక్కుకుపోయి స్క్రూ ఊగుతుంది. ప్రొఫైల్ షీటు కప్పుకైతే గట్టు మీద, స్క్రూ తల కింద శాడిల్ వాషరు (గట్టు ఆకారానికి కూర్చునేది) పెట్టి వేస్తాను. శాండ్‌విచ్ ప్యానెల్‌లో గట్టు కిందా సరుకు ఉంటుంది కాబట్టి గట్టే మంచిది. గోడకు గాడిలోనే. వాషర్లు మార్చే మాట మీరు చెప్పింది నిజం, కమిటీ ఆ డబ్బు ఇప్పుడే విడిగా పెట్టుకోవాలి.

ఉక్కుగూడు:
గట్టరు (చూరు దగ్గర నీళ్ళు పట్టే కాలువ) గురించి ఎవరూ ఎత్తలేదు, అసలు ప్రమాదం అక్కడే. అందం కోసం రేకులు కనపడకుండా చుట్టూ పారపెట్ లేపి లోపల గట్టరు దాస్తారు. ఆకులు అడ్డం పడితే నీళ్ళు బయటికి పొర్లే దారి లేక హాల్లోకే దిగుతాయి. మీకు ఒక్కో వైపు 9 × 36, అంటే 324 చదరపు మీటర్ల నీళ్ళు. గంటకు 150 మి.మీ. వాన అనుకుంటే నేషనల్ బిల్డింగ్ కోడ్ పట్టికలో 150 మి.మీ. పైపు ఒకటి 83 చదరపు మీటర్లకే సరిపోతుంది. వైపుకు నాలుగు కావాలి. ఒకటి మూసుకుపోయినా నడిచేలా ఐదు పెట్టండి. కొటేషన్‌లో ఎన్ని ఉన్నాయి?

కాలేజీ కమిటీ (తిరుపతి):
ఇప్పుడే చూశాను. వైపుకు రెండు, అవీ 110 మి.మీ. పైగా పారపెట్ వెనక గట్టరు.

ఉక్కుగూడు:
అయితే పారపెట్ తీసేయించి గట్టరును చూరు బయటికి తీసుకురండి. ముందువైపు పారపెట్ తప్పదంటే దానికి 30 సెం.మీ. వెడల్పున పొర్లుదారులు, గట్టరు పై అంచుకన్నా 5 సెం.మీ. కిందకు.

చిత్తూరు డిజైన్:
గోడ ప్యానెల్ నేల నుంచి మొదలుపెట్టకండి. కింద మీటరు ఎత్తు ఇటుక గోడ కట్టి దాని మీద ప్యానెల్ పెట్టాలి, లేకపోతే కుర్చీలు తగిలి సొట్టలు పడతాయి, నేల కడిగిన నీళ్ళు అంచులోకి ఎక్కుతాయి. వెలుతురు కోసం కప్పులో పాలికార్బొనేట్ షీట్లు కూడా అడుగుతారు. శేషాచలం కోతులు దిగే ఊరిలో అవి వద్దు. పెట్టక తప్పకపోతే కింద ఉక్కు వల తప్పనిసరి, కప్పు మీద నడిచే మనిషి కాలు వేసేదీ అక్కడే. పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వేసిన ప్యానెల్ ఇక్కడికి బాగుంటుందని ఎవరైనా చెబితే, అది కోల్డ్ స్టోరేజీకి కావలసిన పఫ్ అని గుర్తుంచుకోండి.

మిద్దెవాది:
రాక్‌వూల్, ఫ్రేముకు నిప్పు తట్టుకునే ఇంట్యూమెసెంట్ పెయింటు, రెండు విడివిడి మెట్లదారులు, చూరు బయట గట్టరు. ఈ నాలుగూ టెండరులో రాతపూర్వకంగా ఉంటే ఆడిటోరియానికి అభ్యంతరం చెప్పను. తరగతి గదులకు మాత్రం ఇప్పటికీ స్లాబే అంటాను, పిల్లలు రోజుకు ఆరు గంటలు ఉండే చోటు అది.

కాలేజీ కమిటీ (తిరుపతి):
నాలుగూ రాసుకున్నాను. పాత స్తంభాల టెస్టు ముందు, టెండరు తర్వాత. ఒక్క ప్రశ్న మిగిలింది: పని అయ్యాక చివరి బిల్లు కట్టేముందు కారదని ఎలా చూసుకోవాలి?

రేకుల మేస్త్రి:
ఫాల్స్ సీలింగ్ కట్టకముందే నీళ్ళ పరీక్ష పెట్టండి సార్. పైపుతో చూరు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా రిడ్జి వైపు ఎక్కాలి, ఒక్కో చోట పది నిమిషాలు. పై నుంచి పోస్తే ఎక్కడ కారుతోందో తేలదు. ఒక మనిషి కింద టార్చితో నిలబడి చుక్క పడ్డ చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. గట్టరు పైపులు మూసి గట్టరును నింపి అరగంట వదలండి, అతుకులు అప్పుడు చెబుతాయి. బిల్లులో కొంత భాగం మాత్రం డిసెంబరు వానలు దాటేదాకా ఆపండి.