గట్టెక్కడం: ఇంతకీ ఏ గట్టు?

కర్నూలు సభ్యుడు: ఇంటర్ చదివే మా పాప "1991లో పీవీ నరసింహారావు దేశాన్ని గట్టెక్కించాడు" అని చదివి, "ఏ గట్టు నాయనా?" అనడిగింది. నేను ఏటి గట్టే అన్నా. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊర్లోకొచ్చినప్పుడు రాత్రంతా పక్కింటి మిద్దె మీదున్నాం. తర్వాత ఎవరు ఫోన్ చేసినా మా అమ్మది ఒకటే మాట: "గట్టెక్కినాంలే." దిగి చూస్తే బియ్యం డబ్బాలో కూడా బురదే. ప్రాణాలు దక్కినాయని ఆ మాటకు అర్థం, సిరులొచ్చినాయని కాదు. మీ పక్క ఎట్లంటారు?

కడప సారు: చేని గట్టును మేము గెనిమ అంటాం. గట్టంటే మాకు కొండ. చిన్నప్పుడు గట్టెక్కడమంటే కొండెక్కడమే అనుకునేవాణ్ణి. కానీ దీపం కొండెక్కితే ఆరిపోయినట్టు, ధర కొండెక్కితే అందకుండా పోయినట్టు. కాబట్టి మీ ఏరే ఒప్పు.

అనంతపురం అక్క: గట్టుకు ముందు ఇంకో మాటుంది, కుదవ. పేపర్లు తాకట్టు అని రాస్తాయి, మా నోట్లో కుదవే. దేశం దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతాదన్నప్పుడు, ఆ జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం బయటి దేశాల్లో కుదవ పెట్టింది. శెనక్కాయ ఇత్తనాలకని మా అమ్మ కమ్మలు షావుకారి దగ్గరికి పోయింది కూడా ఆ నెల్లోనే. రేడియోలో వార్త విని మా జేజి "ఢిల్లీలో కూడా ఇత్తనాల్లేవా?" అనింది.

కర్నూలు సభ్యుడు: జేజికి దండం! రూపాయి విలువ రెండుసార్లు తగ్గించింది కూడా ఆ జూలైలోనే, 1న, 3న. 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్, అదే రోజు చాలా పరిశ్రమలకు లైసెన్సుల ఎత్తివేత. దేశం గట్టెక్కుతున్న ఆ ఏడాదే ధరలు కొండెక్కినాయి. సారు చెప్పిన రెండెక్కుళ్లూ ఒకేసారి!

నంద్యాల తమ్ముడు: మా ఊరిని మరిచిపోతే ఎట్లన్నా? ప్రధాని అయ్యేనాటికి పీవీ ఎంపీనే కాదు. నవంబరు ఉప ఎన్నికలో ఐదు లక్షలకు పైగా మెజారిటీతో పంపించింది నంద్యాలే. తెలుగువాడని ఎన్టీఆర్ పోటీ కూడా పెట్టలేదు. 1996లో మళ్లీ గెలిపించినాం, 1998లో సొంత పార్టీ టికెట్టే ఇయ్యలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. సామెతలో గట్టు అనే మాట లేదు గానీ, దాటింది ఆ ఏరే కదా.

కడప సారు: భలే పట్టినావు నాయనా. ఇంతకీ అక్కా, కమ్మలు విడిపించినారా?

అనంతపురం అక్క: దేశం అప్పు తీర్చి తన బంగారం విడిపించుకునింది సార్. మావి వడ్డీ పెరిగి షావుకారికే పోయినాయి. అట్లా పోతే మా ఇంట్లో "మునిగిపోయినాయి" అంటారు.