చయ్, చాయ్: హనోయ్ వీధుల్లో ఒక దీర్ఘం ఎంత పని చేస్తుంది?

(ఒక ప్రశ్న, దానికి కొందరు ఇచ్చిన జవాబులు ఇవి. కరపత్రం, హ్రస్వదీర్ఘం, తూటికూర, వట్టిమాట, ఇంగువ అన్నవి రాసినవాళ్ళ మారుపేర్లు.)

ప్రశ్న (కరపత్రం): వియత్నాం రాజధాని హనోయ్ పాత బస్తీలో గైడు వెంట నడుస్తూ వీధి తిండి రుచి చూసే టూర్లకి తెలుగులో ఒక కరపత్రం తయారవుతోంది. చిత్తుప్రతిలో శాకాహారులకి ఒకే ఒక్క సలహా ఉంది: "బండి దగ్గర చాయ్ అనండి, చాలు". బోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాల్లో సీ, హెచ్, ఏ, వై అని ఉంటుంది. దీన్ని తెలుగులో చాయ్ అని రాయాలా, చయ్ అనా? శాకాహారం అనే అర్థం సరిపోతుందా?

హ్రస్వదీర్ఘం: చయ్ అనే రాయండి. చై అన్నా ఫరవాలేదు. దీర్ఘం మాత్రం పెట్టకండి. వియత్నామీస్‌లో 'చాయ్' కూడా వేరే మాటగా ఉంది, దానికి అర్థం సీసా. "మోత్ చాయ్" అంటే ఒక సీసా ఇవ్వమని. బీరో, నీళ్ళో వస్తాయి.

స్పెల్లింగులో సూత్రం తేలికే. ఏ తరువాత వై ఉంటే హ్రస్వం, ఐ ఉంటే దీర్ఘం. యూ, ఓల దగ్గరా ఇదే: ఏ తరువాత యూ వస్తే హ్రస్వం, ఓ వస్తే దీర్ఘం. అందుకే కూరగాయలు, ఆకుకూరలు 'ౙవ్' (హనోయ్‌లో ఆర్ అక్షరాన్ని ౙ లాగా పలుకుతారు), వేపుడు 'సావ్'. ఇంగ్లీషు అలవాటుతో పలికేవాళ్ళకి ఈ తేడా ఓ పట్టాన అందదు. వడకీ వాడకీ తేడా తెలిసిన మనకి దీనికి వేరే సాధన అక్కర్లేదు, లిపిలో దాన్ని పోగొట్టుకోకపోతే చాలు.

దీర్ఘం ఒక్కటే కాదండీ, స్వరం కూడా చూడండి. చయ్ సమస్వరంలో (గొంతు లేపకుండా, దించకుండా) పలకాలి. మనం ప్రశ్న అడిగేటప్పుడు చివర గొంతు లేపుతాం కదా, "చయ్?" అని అలా లేపారంటే అది ఇంకో మాట అయిపోతుంది. పైకి లేచే స్వరంలో దాని అర్థం 'కాలుతోంది', 'మాడింది'. మంటలు అంటుకుంటే అరిచే మాట కూడా అదే. కాబట్టి ఒంటి మాటతో ప్రశ్న వేయొద్దు. "కో మోన్ చయ్ ఖౌమ్" అని పూర్తి వాక్యం నేర్పండి: శాకాహార వంటకం ఉందా అని. చివరి 'ఖౌమ్' ప్రశ్నార్థకం పని చేస్తుంది, కాబట్టి చయ్ దగ్గర గొంతు లేపాల్సిన పని లేదు. ఖౌమ్ చివర పెదవులు మూసుకోవాలి.

చేప దగ్గరా ఇదే గొడవ. పైకి లేచే 'కా' చేప. కిందికి దిగే 'కా' వంకాయ, టమాటా కుటుంబం. మాట ముందు పెడితే ఖౌమ్ అంటే వద్దు, లేదు. "ఖౌమ్ కా" అని స్వరం దించి చెబితే వంకాయ తీసేసి చేప ఉంచుతారు.

కరపత్రం: మరి "ఖౌమ్ థిత్", అంటే మాంసం వద్దు, అని రాస్తే సరిపోదా? అదైతే స్పష్టంగానే ఉందిగా.

తూటికూర: చాలా ఇళ్ళలో, బళ్ళ దగ్గర ఇక్కడే తేడా కొడుతుంది. (థిత్‌లో మహాప్రాణం నిజంగా ఉంది, 'తిత్' అని రాయకండి. ఆ భాషలో త, థ వేర్వేరు హల్లులు.) థిత్ అంటే కంటికి కనిపించే మాంసం ముక్క. ఎక్కువగా పంది. చేప, రొయ్య ఆ మాట కిందికి రావు. చారు అసలే రాదు. 'ఫ' నూడుల్స్‌కి చారు గొడ్డు ఎముకలతోనో కోడితోనో గంటల తరబడి కాస్తారు. "ఖౌమ్ థిత్" అంటే ముక్కలు తీసేసి అదే చారు పోస్తారు. అమెరికాతో యుద్ధం నడిచిన కాలంలో హనోయ్ ప్రభుత్వ దుకాణాల్లో మాంసం లేని ఫ అమ్మేవారు. దానికి జనం పెట్టిన పేరు 'ఫ ఖౌమ్ ఙువయ్ లాయ్', పైలట్ లేని ఫ. పైన ఎగిరే అమెరికా మానవరహిత నిఘా విమానాల మీద వేసిన ఎత్తిపొడుపు అది. ముక్క లేకపోయినా శాకాహారం కాదన్నమాట.

కంటికి కనపడనివి ఇంకో నాలుగున్నాయి, కరపత్రంలో పేరుపేరునా రాయండి. నువక్ మమ్ (చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం, మమ్ కూడా హ్రస్వమే), హాత్ నేమ్ (పొడి మసాలా పలుకులు, మామూలు రకాల్లో పంది ఎముకల సారం ఉంటుంది), ఎండు రొయ్యలు, పంది కొవ్వు. తూటికూర వెల్లుల్లి వేపుడు పళ్ళెంలో పచ్చగా అమాయకంగా ఉంటుంది. అందులో కూడా హాత్ నేమో, నువక్ మమ్మో పడి ఉండొచ్చు.

వట్టిమాట: అర్థం సంగతికి వద్దాం. చయ్‌ని 'శాకాహారం' అని మూసేయడం నాకు నచ్చడం లేదు. ఇది చైనా నుంచి వచ్చిన మాట. బౌద్ధుల ఉపవాస నియమానికి సంబంధించినది. చాంద్రమాసం 1, 15 తేదీల్లో చాలామంది చయ్ తింటారు. మిగతా రోజుల్లో మామూలే. అంటే మన శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాల లెక్క. దీనికి ఎదుటి మాట 'మన్', అంటే ఉప్పన. చయ్ తిండికి వ్యతిరేకం ఉప్పు తిండి! మన వాడుకలో నీచు అనే చోట వాళ్ళు మన్ అంటారు. ఈ జంట పట్టుకుంటే చయ్‌ని 'చప్పిడి' అని అనువదించాలనిపిస్తోంది. చప్పిడి కూడు అన్నప్పుడు ఆ నియమం వాసన కూడా వస్తుంది.

హ్రస్వదీర్ఘం: చప్పిడి వద్దు. చయ్ తిండిలో ఉప్పు శుభ్రంగా ఉంటుంది. సోయా రసం ('సీ ౙౌ') పోసుకుని మరీ తింటారు. చప్పిడి అని అచ్చువేస్తే మనవాళ్ళు పత్యం అనుకుని ఆవకాయ సీసా వెంట తీసుకెళతారు.

మీరన్న 'నియమం' కన్నా ఇంకో ఛాయ దానికి దగ్గర: వట్టి, ఉత్త. 'ౙయ్ చయ్' అంటే బోధన సామగ్రి ఏమీ లేకుండా వట్టి నోటి మాటతో పాఠం చెప్పడం. తోడు ఉండాల్సింది లేకపోవడం అన్న భావం. మూడో చాంద్రమాసం మూడో రోజు పండక్కి చేసే జంట వంటకం 'బాఞ్ చోయ్ - బాఞ్ చయ్'లోనూ ఈ మాటే ఉంది. చోయ్ అంటే లోపల బెల్లంలాంటి ముదురు చక్కెర ముక్క పెట్టి ఉడికించిన చిన్న ఉండ. చయ్ కొంచెం బల్లపరుపుగా, పెసరపప్పు పూర్ణంతో, పల్చటి పాకంలో తేలుతుంది. మన పూర్ణం ఉండ్రాళ్ళు తెలిసినవాళ్ళకి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

తూటికూర: ఆ 'వట్టి' అర్థం వల్లే బండి దగ్గర దెబ్బతింటాం. బాఞ్ క్వోన్ తీసుకోండి. గిన్నె మూతికి బిగించి కట్టిన గుడ్డ మీద బియ్యప్పిండి జావ పల్చగా పరిచి, మూత పెట్టి, ఆవిరి మీద ఉడికించి, వెదురు పుల్లతో పొరలా లేపుతారు. లోపల పంది ఖైమా, చెవిపుట్టగొడుగు పెట్టి చుడతారు. అక్కడ 'బాఞ్ క్వోన్ చయ్' అని అడిగితే ఖైమా లేని వట్టి చుట్ట ఇస్తారు. పైన వేయించిన ఉల్లి, పక్కన గిన్నెలో మాత్రం నువక్ మమ్ కలిపిన పులుసే. అడిగిన మాటకి వాళ్ళు సరిగ్గానే ఇచ్చినట్టు. ఆ గిన్నె మార్చి సీ ౙౌ ఇమ్మని విడిగా చెప్పాలి.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. 'కోమ్ చయ్' బోర్డున్న భోజనశాలలో 'థిత్ చయ్', 'నువక్ మమ్ చయ్' అని చూసి కంగారుపడి బయటికి రావద్దు. మొదటిది సోయాతోనో, గోధుమ జిగురుతోనో, పుట్టగొడుగులతోనో చేసిన నకిలీ మాంసం. రెండోది అనాసతోనో సోయాతోనో చేసిన, చేప లేని రసం.

ఇంగువ: ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. బౌద్ధ నియమంలో నిషిద్ధమైన ఘాటు దినుసులు ఐదు, వాటిని 'ఙూ వీ తన్' అంటారు. వాటిలో నాలుగు ఉల్లి, వెల్లుల్లి జాతివే. ఐదోది 'హుఙ్ కూ'. సంస్కృత హింగు చైనా మీదుగా అక్కడికి చేరి అలా అయింది. మన ఇంగువ! విచిత్రం ఏమిటంటే ఉల్లి మానినవాళ్ళు మనదగ్గర ఇంగువ వేసుకుంటారు, అక్కడ రెండూ ఒకే నిషేధంలో ఉన్నాయి. గుడి పక్క భోజనశాలలో ఈ ఐదూ ఉండకపోవచ్చు. వీధి బండి మీద చయ్ అని ఉన్నంత మాత్రాన ఉల్లి లేదనుకోకండి, విడిగా అడగాలి. ఉల్లి 'హాఞ్', వెల్లుల్లి 'తోయ్'. ఈ తోయ్‌లో ఓకారాన్ని నోరు బాగా తెరిచి, స్వరం దించి పలకాలి. నోరు కుదించి సమస్వరంలో అంటే అది 'నేను'. "తోయ్ అన్ చయ్" (నేను చయ్ తింటాను) అన్నప్పుడు ఆ కుదించిన తోయే కావాలి.

తూటికూర: కరపత్రానికి అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. హనోయ్‌లో బండికి సాధారణంగా ఒకే వంటకం. బున్ చా బండి దగ్గర నిప్పుల మీద కాలేది పంది మాంసమే, ముంచుకునే గిన్నెలో నువక్ మమ్మే. అక్కడ ఎన్ని మాటలు నేర్చుకుని చెప్పినా బండి నడిపే ఆవిడ చేయగలిగింది ఏమీ లేదు. మార్చాల్సింది వంటకాన్ని కాదు, బండిని. అది గైడు చేతిలోనే ఉంటుంది, అదీ బయల్దేరక ముందు. అందుకని టూరు బుక్ చేసేటప్పుడే చయ్ అని రాసి, కింద నువక్ మమ్, హాత్ నేమ్, ఎండు రొయ్య, పంది కొవ్వు, గుడ్డు అని విడివిడిగా రాయించండి. గుడ్డు ఎందుకంటే బాఞ్ మీ రొట్టెకి పూసే పసుపుపచ్చటి 'బ' చాలాచోట్ల వెన్న కాదు, గుడ్డు సొన నూనెతో గిలక్కొట్టినది. 1946 నుంచి హనోయ్‌లో పేరుపడ్డ గుడ్డు కాఫీలో సొన ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

కరపత్రం: వాక్యాలు ఇలా పెడుతున్నాం: "తోయ్ అన్ చయ్. ఖౌమ్ థిత్, ఖౌమ్ కా, ఖౌమ్ నువక్ మమ్." 'కా' పక్కన పైకి బాణం గుర్తు. బాగుంది అనడానికి 'ఙోన్' కూడా చేర్చాం, కానీ ఙతో మొదలయ్యే మాట ఎలా పలకాలని అడుగుతున్నారు.

హ్రస్వదీర్ఘం: "వాఙ్మయం" అనమని చెప్పి, 'వా' తీసేసి మిగిలిన ముక్కుపలుకు దగ్గర ఆపమనండి. దానికి ఓన్ తగిలిస్తే ఙోన్. 'గోన్' కాదు, 'న్గోన్' అసలే కాదు. పుస్తకంలో న, గ విడగొట్టి అచ్చువేస్తే అందరూ రెండక్షరాలుగా చదువుతారు, ఆ ఙని అలాగే ఉంచండి.